మోలొచ్నా ఒడ్డు నుంచి పాలమూరు చెరువు దాకా

మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, గద్వాల వైపు ఏ ఊరికి వెళ్లి అడిగినా ఎంబీ చర్చికి దారి చూపిస్తారు. ఎంబీ అంటే మెన్నొనైట్ బ్రెదరెన్. ఆ పేరులో మెన్నో సైమన్స్ అనే 16వ శతాబ్దపు డచ్చి పురోహితుడు ఉన్నాడు. ఫ్రీస్‌లాండ్‌లో క్యాథలిక్ గుడిని 1536లో వదిలేసి, చెదిరిపోయిన ఒక చిన్న మందకు కాపరి అయినవాడు. ఆయన పేరు పాలమూరు మట్టిదాకా ఎలా వచ్చిందో తెలియాలంటే నీళ్ల వెంట నడవాలి. ఈ సంఘం చరిత్రలో ప్రతి మలుపు దగ్గరా నీళ్లున్నాయి.

ఆ మంద కథ మెన్నో కంటే ముందే మొదలైంది. 1525 జనవరి 21న జూరిచ్‌లో ఒక ఇంట్లో కొద్దిమంది చేరారు. పసితనంలో పొందిన బాప్తిస్మం తమ ఇష్టంతో పొందింది కాదు కనుక చెల్లదని వాళ్ల వాదన. కాన్రాడ్ గ్రేబెల్ చేతుల మీదుగా జార్జ్ బ్లౌరాక్ మళ్లీ బాప్తిస్మం తీసుకున్నాడు. ఇప్పటివారికి ఇది చిన్న సంగతిగా తోస్తుంది. ఆ కాలంలో మాత్రం పుట్టిన ప్రతి బిడ్డకూ బాప్తిస్మం ఇచ్చేవారు, ఊరూ చర్చీ ఒకటే. ఎదిగిన మనిషి తన మతం తానే ఎంచుకుంటానంటే ఏలేవాడికి ఎదురు తిరిగినట్టే. రెండేళ్లు తిరక్కుండానే, 1527 జనవరిలో, ఫెలిక్స్ మాంజ్‌ను లిమ్మాట్ నదిలో ముంచి చంపారు. నీళ్లతో తప్పు చేసినవాడికి నీళ్లతోనే శిక్ష.

తరిమినకొద్దీ వాళ్లు తూర్పుకు జరిగారు. కత్తి పట్టం, ఒట్టు వేయం అనేవాళ్లను ఏ రాజు దగ్గర ఉంచుకుంటాడు? సాగు తెలిసినవాళ్లు కావాలనుకున్న రాజే ఉంచుకున్నాడు. విస్తులా నది పల్లపు నేలల్లో నీళ్లు తోడిపోసి పొలాలు చేశారు. ఆ తర్వాత రష్యా చక్రవర్తిని క్యాథరీన్ పిలుపు మీద ఉక్రెయిన్ మైదానాలకు కదిలారు. 1789లో హోర్తిత్సా, 1804లో మోలొచ్నా వలస ఊళ్లు వెలిశాయి. భూములు దొరికాయి, సైన్యంలో చేరక్కర్లేదన్న హామీ దొరికింది.

సుఖం వచ్చాక విశ్వాసం ఆనవాయితీగా మారింది. ఈడు వచ్చింది, పెళ్లి కావాలి, కనుక బాప్తిస్మం అన్నంతదాకా వచ్చిందని కొందరు బాధపడ్డారు. 1860 జనవరి 6న మోలొచ్నాలో 18 మంది కుటుంబ పెద్దలు పాత సంఘం నుంచి విడిపోతున్నామని రాసి సంతకాలు చేశారు. మెన్నొనైట్ బ్రెదరెన్ పుట్టింది అప్పుడే. తల మీద నీళ్లు పోయడం చాలదు, నిండా మునగాలి అన్నది వాళ్లు పట్టుబట్టిన మాట. ఆ ఒక్క పట్టుదలే వాళ్లను జర్మన్ బాప్టిస్టులకు దగ్గర చేసింది, బాప్టిస్టుల దారే వాళ్లను తెలుగు నేలకు చేర్చింది.

ఆ సంఘంలో తర్వాతి తరంవాడు అబ్రహాం ఫ్రీసెన్. హాంబర్గ్‌లోని బాప్టిస్టు సెమినరీలో చదివి, భార్య మరియాతో కలిసి 1889లో హైదరాబాద్ రాజ్యానికి వచ్చాడు. అప్పటికి అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ పేరు లోకమంతా మోగుతోంది. ఒంగోలులో జాన్ క్లౌ కరువు పనులు చేయిస్తున్నన్నాళ్లూ గింజల కోసం వస్తున్నారేమోనని బాప్తిస్మాలు ఆపి, కరువు తగ్గాక 1878 జూలై 3న గుండ్లకమ్మ నీళ్లలో ఒక్కరోజే 2,222 మందికి ఇప్పించాడు. ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు. క్లౌ కంటే ముందే దారి పరిచినవాడు ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద. ఆ మిషన్ కిందనే రష్యా మెన్నొనైట్ల డబ్బుతో, రష్యా మెన్నొనైట్ల మనుషులతో నల్లగొండ కేంద్రం లేచింది.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ఈ మొత్తం కథలో ఎక్కువసేపు ఆగి చూడవలసిన చోటు ఇదే. ఒక్కొక్క మనిషి తనకు తానుగా నిర్ణయించుకోవాలని ప్రాణాలిచ్చిన సంఘం ఇది. తెలుగు పల్లెల్లో మాత్రం వాడకు వాడ, చుట్టానికి చుట్టం కలిసి కదిలారు. ఇది నమ్మకమా, గుంపా అని విదేశాల్లో ప్రశ్నలు లేచాయి. మాదిగవాడ బతుకు తెలిసినవాళ్లకు ఆ ప్రశ్న వింతగా ఉంటుంది. పని, పెళ్లి, చావు, బావి అన్నీ ఉమ్మడిగా ఉన్నచోట నిర్ణయం కూడా నలుగురూ కూర్చుని తీసుకునేదే. దానికి వెల తక్కువేమీ కాదు. ఒంగోలు వైపు కొత్త విశ్వాసులు చచ్చిన గొడ్డు మాంసం మానేశారు, ఆదివారం పనికి రామన్నారు, జాతరలో డప్పు కొట్టేది లేదన్నారు. ఊరి పెద్దల కోపం నెత్తిన పడింది. జూరిచ్‌లో ఏలినవాళ్లను కాదన్న ధైర్యానికీ దీనికీ తేడా నాకు కనబడదు.

అమెరికాకు వలసపోయిన మెన్నొనైట్ బ్రెదరెన్ వాళ్లు విడిగా 1899లో హైదరాబాద్ వచ్చారు. ఎన్.ఎన్. హీబర్ట్, సూసీ దంపతులు ఆరోగ్యం చెడి త్వరగా వెనుదిరిగారు. తర్వాత వచ్చిన పాంక్రాట్జ్ దంపతులు మలక్‌పేటలో నిలదొక్కుకున్నారు. 1904లో వచ్చిన డానియల్ బర్గ్‌తోల్డ్ నాగర్‌కర్నూల్‌లో స్థిరపడ్డాడు. రష్యాలో పుట్టి కాన్సస్‌లో పెరిగిన డాక్టర్ కాథరీనా షెల్లెన్‌బర్గ్ 1907లో వచ్చి, 1945లో చనిపోయేదాకా ఇక్కడే వైద్యం చేసింది. శంషాబాద్ ఆసుపత్రి ఆమె చేతి చలవ.

1917 విప్లవంతో రష్యా ఊట ఎండిపోయింది. నల్లగొండ వైపు ఉన్నవాళ్లు అమెరికన్ బాప్టిస్టుల ఆసరాతో నెట్టుకొచ్చారు. 1937లో మహబూబ్‌నగర్, గద్వాల ప్రాంతాలు అమెరికన్ మెన్నొనైట్ల చేతికి వచ్చాయి. నల్లగొండ బాప్టిస్టుల వైపే ఉండిపోయింది. ఒకే విత్తనం నుంచి వచ్చిన రెండు సంఘాలు ఈనాడు రెండు పేర్లతో ఉన్నాయి.

మిషన్ నివేదికల్లో దొరల పేర్లు నిండుగా ఉంటాయి. ఎండలో ఊరూరా నడిచి, చెట్టు కింద కథ చెప్పి, వాడలో అక్షరాలు దిద్దించిన తెలుగు బోధకులు, బైబిలు స్త్రీలు చాలాచోట్ల ఒక లెక్కగా మాత్రమే మిగిలారు. ఈ లోటు తీర్చడానికి ఐ.పి. ఆశీర్వాదం వంటి తెలుగు చరిత్రకారులు పూనుకున్నారు. భారతదేశపు మెన్నొనైట్ల చరిత్రను ఇక్కడివాళ్ల వైపు నుంచి రాశారు. శంషాబాద్‌లో మిషనరీల ఇంట పుట్టిన పాల్ హీబర్ట్ మరో దారిలో వెళ్లాడు. మానవ శాస్త్రవేత్త అయి, పాలమూరు పల్లెను కులాల అల్లికతో సహా ‘కొండూరు’ అనే పుస్తకంలో 1971లో వివరించాడు.

ఈ సంఘానికి పోపు లేడు. ఊరి సంఘాలు కలిస్తే ఒక ఫీల్డు, ఫీల్డులన్నీ కలిస్తే కాన్ఫరెన్స్. 1958లో భారత మెన్నొనైట్ బ్రెదరెన్ కాన్ఫరెన్స్ గవర్నింగ్ కౌన్సిల్ ఏర్పడి, పగ్గాలు మెల్లగా తెలుగువారి చేతికి వచ్చాయి. బడులు, ఆసుపత్రులు, కాంపౌండ్లు అప్పగింతకు వచ్చాయి. ఆస్తులతోపాటు పెత్తనాల తగాదాలూ వచ్చాయి, అందులో దాచేదేమీ లేదు. 1997 జనవరిలో మెన్నొనైట్ ప్రపంచ మహాసభ కలకత్తాలో జరిగేనాటికి, రష్యా మైదానాల్లో ఖాళీ అయిపోయిన ఆ ఇల్లు తెలంగాణలో నిండుగా ఉంది. ఆ తర్వాత సభ్యుల సంఖ్య లక్ష దాటింది.

చెరువులు ఎండిన ఊళ్లలో, పట్నం చర్చిల్లో ఇప్పుడు సిమెంటు తొట్టి కడతారు. బాప్తిస్మం కోరినవాళ్లు ముందు సంఘం ఎదుట నిలబడి సాక్ష్యం చెప్పాలి. తర్వాత కాపరి తొట్టిలోకి దిగి చెయ్యి అందిస్తాడు, గట్టున తువ్వాలు పట్టుకుని ఇంటివాళ్లు నిలబడి ఉంటారు.