వారంటీ: ఒకే మూలం, రెండు పూచీలు

ఆదోనిలోనైనా ఎమ్మిగనూరులోనైనా పాడైన హార్డ్ డిస్క్ తీసుకెళ్తే కంప్యూటర్ షాపులో మొదట వినబడేది, ‘వారంటీ ఉందా అన్నా?’ అనే. బిల్లు చూపితే డిస్క్ కంపెనీకి వెళ్తుంది, బదులు ఇంకొకటి వస్తుంది.

వారంటీ, గ్యారంటీ ఒకే కడుపున పుట్టిన మాటలు. పాత ఫ్రెంచిలో ఉత్తరాది యాసలో ‘వ’తో పలికితే, మధ్య ప్రాంతంలో ‘గ’తో పలికారు. రెండూ ఇంగ్లీషులోకి చేరి, అక్కడినుంచి మనకొచ్చాయి. 1800లో దత్త మండలాలతో ఈస్టిండియా కంపెనీ చేతికి పోయేముందు ఆదోని ఆదిల్‌షాహీలను, మొగలులను, నిజామును చూసింది. అందుకే ఇక్కడి పూచీ మాటల్లో ఫారసీ జాడ కూడా ఉంది: జామీను అరబ్బీ మాట, ఫారసీ మీదుగా వచ్చింది. వాపసు అచ్చంగా ఫారసీది.

చట్టం మాత్రం వారంటీ, గ్యారంటీ అనే కవలలను విడదీసింది. 1872 కాంట్రాక్టు చట్టంలో గ్యారంటీ అంటే ఒకరి బాకీకి మరొకరు పడే పూచీ. 1930 సరుకుల అమ్మకం చట్టంలో వారంటీ తప్పితే నష్టపరిహారమే అడగాలి, సరుకు తిప్పి పంపే హక్కు లేదు! బదులు డిస్క్ ఇచ్చేది కంపెనీ రాసిచ్చిన షరతు. అది కూడా సాధారణంగా డిస్కుకే. అందులోని పెళ్లి ఫోటోలకు, పత్తి లెక్కలకు కాదు. ఈ సంగతి అమ్మేటప్పుడే చెప్పాలని నా గట్టి అభిప్రాయం.

కంపెనీ మొండికేస్తే, 2019 వినియోగదారుల చట్టం ప్రకారం కొన్నవారు తాము ఉండే జిల్లాలోనే, అంటే ఆదోని, ఎమ్మిగనూరు వాళ్లయితే కర్నూలు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే, ఫిర్యాదు చేయవచ్చు.