నడివయసువాళ్ళు నిలబెట్టిన వృత్తి

1905లో న్యూయార్క్ నగరపు సంపన్న కుటుంబాల స్త్రీలు తమకంటూ ఒక క్లబ్బు కట్టించుకునే పనిలో ఉన్నారు. మగవాళ్ళ క్లబ్బులకు ఆ ఊళ్ళో కొదవలేదు. ఆడవాళ్ళ కోసం అంత హంగుగా లేస్తున్నది మాత్రం అదే మొదటిది. దాని పేరు కాలనీ క్లబ్. భవనం బాధ్యత ఆ రోజుల్లో పేరుమోసిన ఆర్కిటెక్టు స్టాన్‌ఫర్డ్ వైట్‌ది. లోపలి గదులను తీర్చిదిద్దే పని మాత్రం ఎల్సీ డి వుల్ఫ్ అనే రంగస్థల నటి చేతికి వచ్చింది.

ఎల్సీ అప్పటికి నలభైల్లో ఉంది. పదిహేనేళ్ళకు దగ్గరగా వేషాలు వేసి నాటకాలు మానుకుంది. ఆమె నటన కన్నా, స్టేజీ మీదికి ఆమె వేసుకొచ్చే పారిస్ దుస్తులకే ఎక్కువ పేరు. ఏ బడిలోనూ డిజైన్ చదువుకోలేదు. చూపించడానికి ఆమె దగ్గరున్న పని తన ఇల్లే. నాటకరంగంలో ఏజెంటుగా పేరున్న స్నేహితురాలు ఎలిజబెత్ మార్బరీతో కలిసి ఉంటున్న ఆ ఇంట్లో నల్లబారిన చెక్కపనికి తెల్లరంగు వేయించింది. గదుల నిండా పేరుకున్న బొమ్మలూ, కుచ్చులూ, తెరలూ తీసేయించింది. మార్బరీ ఆ క్లబ్బు పెట్టినవాళ్ళలో ఒకరు. పని ఎలా వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

1907లో క్లబ్బు తలుపులు తెరిచేసరికి లోపల బరువైన మఖమల్ తెరల జాడ లేదు. ఒక గది గోడలన్నీ ఆకుపచ్చ చెక్క జాలీతో, తోటలో పందిరి కింద కూర్చున్నట్టుంది. కుర్చీల మీదా కిటికీలకూ చింట్జ్ అనే పూల అద్దకం బట్ట. విక్టోరియా రాణి కాలపు చీకటి గదుల్లో పెరిగిన ఆ స్త్రీలకు అది కొత్త గాలి. ఎల్సీ చేతికి పని తెరిపి లేకుండా వచ్చింది. 1913లో ఆమె పేరుతో ‘ది హౌస్ ఇన్ గుడ్ టేస్ట్’ అనే పుస్తకం వచ్చింది. కొద్దికాలానికే ఉక్కు వ్యాపారి హెన్రీ క్లే ఫ్రిక్ తన భవనంలో సొంత వాడకపు గదులను ఆమెకు అప్పగించాడు. జనం ఆమెకు ‘చింట్జ్ లేడీ’ అని పేరు పెట్టారు.

ఈ చింట్జ్ దగ్గర తెలుగు పాఠకులు కాస్త ఆగాలి. ఆ మాట హిందీలో అద్దకం బట్టకున్న ‘ఛీంట్’ నుంచి వచ్చింది. ఆ బట్ట యూరప్‌కు వెళ్ళిన దారుల్లో ముఖ్యమైనది కోరమాండల్ తీరం, ఆ తీరంలో పెద్ద రేవుల్లో ఒకటి మచిలీపట్నం. కరక్కాయ నీళ్ళలో ముంచి, పటికతో రాసి, చిరువేరు ఎరుపులో ఉడికించిన ఆ బట్ట ఎన్ని ఉతుకులు ఉతికినా రంగు వదిలేది కాదు. ఇంగ్లీషు కంపెనీ 1611లో మచిలీపట్నంలో దిగింది. డచ్చివాళ్ళు అంతకు ముందే వచ్చారు. ఆ శతాబ్దం ముగిసేలోగా మన అద్దకం యూరప్ పడకగదుల్లోకి ఎంతగా పాకిందంటే, తమ నేతగాళ్ళు దెబ్బతింటున్నారని ఫ్రాన్సు 1686లో దాన్ని నిషేధించింది. ఇంగ్లండు 1700లో దిగుమతి మీద, 1720ల మొదట్లో వాడకం మీదే చట్టాలు తెచ్చింది. తర్వాత ఆ పనితనం నేర్చుకున్న ఇంగ్లీషు మిల్లులే దాన్ని అచ్చు వేయడం మొదలుపెట్టాయి. ఎల్సీ న్యూయార్క్‌లో పరిచిన పూల వెనుక మచిలీపట్నం కలంకారీవాళ్ళ చేతులున్నాయన్న సంగతి ఆ వృత్తి చరిత్రల్లో ఇంకా గట్టిగా చెప్పాల్సి ఉంది.

ఇంటీరియర్ డిజైన్ చరిత్రను చాలామంది ఎల్సీతోనే మొదలుపెడతారు. నిజానికి ఆమెకన్నా ముందే, ఆమెకన్నా పెద్ద వయసులో ఈ దారి తొక్కిన మనిషి ఇంకొకరున్నారు. ఆమె క్యాండేస్ వీలర్.

వీలర్ 1827లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక పల్లెసీమలో పుట్టింది. ఆ ఊరి పేరు ఢిల్లీ. పదిహేడేళ్ళకే పెళ్ళి, నలుగురు పిల్లలు. 1876లో పెద్ద కూతురు చనిపోయింది. ఆ ఏడే ఫిలడెల్ఫియాలో అమెరికా నూరేళ్ళ పండుగ ప్రదర్శన జరిగింది. అక్కడ ఆమె లండన్‌లోని రాయల్ స్కూల్ ఆఫ్ ఆర్ట్ నీడిల్‌వర్క్ వాళ్ళు పంపిన కుట్టుపనిని చూసింది. మంచి కుటుంబాల్లో పుట్టి, చితికిపోయిన ఆడవాళ్ళకు బతుకుతెరువు చూపించాలని పెట్టిన బడి అది. అంతర్యుద్ధం ముగిసి పదకొండేళ్ళయిన అమెరికాలో అలాంటి స్త్రీలు ఊరూరా ఉన్నారు. భర్త పోయాడు, ఆస్తి లేదు, ఉద్యోగం చేస్తే పరువు తక్కువ. చేతిలో ఉన్న విద్య సూది ఒక్కటే. మరుసటి సంవత్సరమే వీలర్ న్యూయార్క్‌లో సొసైటీ ఆఫ్ డెకొరేటివ్ ఆర్ట్ మొదలుపెట్టింది. అప్పటికి ఆమెకు యాభై ఏళ్ళు.

యాభై ఏళ్ళకు మొదలైన ఆ వృత్తి జీవితం మరో ముప్పై ఏళ్ళు నడిచింది. 1879లో కళాకారుడు లూయీ కంఫర్ట్ టిఫనీ ఆమెను తనతో పనిలోకి తీసుకున్నాడు. అసోసియేటెడ్ ఆర్టిస్ట్స్ అన్న పేరుతో వాళ్ళు చేసిన ఇళ్ళలో హార్ట్‌ఫర్డ్‌లోని మార్క్ ట్వేన్ ఇల్లు ఒకటి. ఆ బృందంలోనే ఉన్న లాక్‌వుడ్ డి ఫారెస్ట్ 1881లో అహ్మదాబాదు వచ్చి, అక్కడి హఠీసింగ్ కుటుంబంతో కలిసి చెక్క చెక్కడపు కార్ఖానా పెట్టించాడు. అక్కడి వడ్రంగులు టేకులో తొలిచిన జాలీలూ కిటికీలూ న్యూయార్క్ ఇళ్ళకు ఎక్కాయి. టిఫనీ తన దారి తాను చూసుకున్నాక, 1883 నుంచి వీలర్ ఆ పేరును తనే నడిపింది. ఆమె దగ్గర పనిచేసింది ఎక్కువగా ఆడవాళ్ళే. 1893 చికాగో ప్రపంచ ప్రదర్శనలో స్త్రీల భవనం లోపలి అలంకరణ బాధ్యత ఆమెకు ఇచ్చినప్పుడు ఆమె వయసు అరవై ఆరు. ఆత్మకథ అచ్చయింది 1918లో. అప్పటికి తొంభై దాటింది.

వీలర్‌ను ఇక్కడ ఇంతసేపు తలుచుకోవడానికి కారణం ఆమె వయసు మాత్రమే కాదు. 1895లో ఆమె ఒక పత్రికలో ఇంటి అలంకరణను స్త్రీలు వృత్తిగా పట్టవచ్చని వాదిస్తూ వ్యాసం రాసింది. పట్టవచ్చు, కానీ చదువుకుని పట్టాలన్నది ఆమె మాట. అభిరుచి ఉన్నంత మాత్రాన చాలదనీ, రంగుల లెక్కా భవనాల తీరూ తెలియకుండా ఇంకొకరి ఇంటి మీద చెయ్యి వేయకూడదనీ ఆమె పట్టుబట్టింది. డిజైన్ బడి చదువు లేకుండా ఎదిగిన మనిషే అలాంటి చదువు కావాలని అడిగింది.

ఇంగ్లండులో ఆ పాటికే ఇద్దరు అదే మాటను చేసి చూపించారు. ఆగ్నెస్ గారెట్, ఆమె దగ్గరి బంధువు రోడా గారెట్ 1870ల మొదట్లో ఆర్కిటెక్టు జె. ఎమ్. బ్రైడన్ ఆఫీసులో శిష్యరికం చేశారు. తర్వాత లండన్‌లో సొంత సంస్థ పెట్టుకున్నారు. 1876లో ఇళ్ళ అలంకరణ మీద పుస్తకం రాశారు. ఇద్దరూ ముప్పైకి అటూ ఇటూ ఉన్నారు. ఆ కాలపు లెక్కలో ఆడదానికి చదువు మొదలుపెట్టే వయసు అది కాదు.

ఇరవయ్యో శతాబ్దంలోకి వస్తే ఆలస్యంగా వచ్చినవాళ్ళ వరుస ఇంకా పొడుగు. రూబీ రాస్ వుడ్ పత్రికల్లో పనిచేసేది. ఎల్సీ పేరు మీద వచ్చిన రాతలకు కలం ఆమెదే. ఇంకొకరి కోసం రాస్తూ రాస్తూ పని మెలకువలు పట్టుకుని, తనే డెకొరేటర్ అయింది. లండన్‌లో సిరీ మామ్ 1922లో, నలభై దాటాక, దుకాణం తెరిచి తెల్లటి గదులతో పేరు తెచ్చుకుంది. సిబిల్ కోల్‌ఫాక్స్ కథ వేరు. చిన్నతనం చాలావరకు కాన్పూరులో గడిచిన ఆవిడ లండన్‌లో విందులకు పేరుపడ్డ గృహిణి. 1929లో వాల్‌స్ట్రీట్ కూలినప్పుడు ఆస్తిలో చాలా భాగం పోయింది. యాభై అయిదు దాటిన వయసులో తనకు తెలిసిన ఒకే విద్యను, అంటే ఒక గదిలో మనుషులు హాయిగా ఎలా కూర్చుంటారో పసిగట్టడాన్ని, అమ్మకానికి పెట్టింది. 1938లో డెకొరేటర్ జాన్ ఫౌలర్ ఆమెతో చేరాడు. కోల్‌ఫాక్స్ అండ్ ఫౌలర్ అన్న పేరు ఇప్పటికీ ఇంగ్లండు గుడ్డల మార్కెట్టులో ఉంది.

వీళ్ళలో చాలామంది డబ్బూ పరిచయాలూ ఉన్న ఇళ్ళవాళ్ళు. వాళ్ళతో విందుకు కూర్చున్నవాళ్ళే వాళ్ళ మొదటి ఖాతాదారులు. ఆ అండ లేని సామాన్య గృహిణికో, ఉద్యోగం విసిగిన గుమాస్తాకో ఈ తలుపు తెరిచింది బడి. న్యూయార్క్‌లో ఫ్రాంక్ ఆల్వా పార్సన్స్ తన కళాశాలలో 20వ శతాబ్దపు మొదటి దశకంలోనే ఇంటి అలంకరణను ఒక చదువుగా పెట్టాడు. 1916లో షెరిల్ వైటన్ అనే ఆర్కిటెక్టు ఇంటి దగ్గరే చదువుకునే కోర్సును తయారుచేశాడు. పాఠాలు పోస్టులో వస్తాయి. పిల్లలు పడుకున్నాక బల్ల ముందు కూర్చుని గీసుకోవచ్చు. ఆ కోర్సుతో పుట్టిన బడే నేటి న్యూయార్క్ స్కూల్ ఆఫ్ ఇంటీరియర్ డిజైన్. వయసు మీరాక చదువుకునేవాళ్ళ కోసం దూరవిద్యను ఇప్పటి కాలపు ఆవిష్కరణగా చెప్పుకునేవాళ్ళు ఈ 1916ను ఒకసారి గుర్తుచేసుకోవాలి.

చదువు తప్పనిసరి అన్న మాట గట్టిపడింది మాత్రం ఒక చావుల రాత్రి తర్వాత. 1942 నవంబరు 28న బోస్టన్‌లోని కోకోనట్ గ్రోవ్ అనే నైట్‌క్లబ్బులో నిప్పంటుకుంది. లోపలంతా అలంకరణే. కాగితపు తాటిచెట్లు, పైకప్పుకు కప్పిన గుడ్డ. మంట నిమిషాల్లో ఆ గుడ్డ వెంట పాకింది. జనం ముందున్న తిరుగుడు తలుపు వైపు పరిగెత్తారు, అది ఇరుక్కుపోయింది. పక్క తలుపుల్లో కొన్ని తాళం వేసి ఉన్నాయి. 492 మంది చనిపోయారు. తర్వాత తిరుగుడు తలుపు పక్కన బయటికి తెరుచుకునే మామూలు తలుపు ఉండాలనీ, జనం చేరే చోట్ల తేలిగ్గా అంటుకునే అలంకరణ కూడదనీ అమెరికా నగరాల్లో నిబంధనలు వచ్చాయి. గదికి ఏ గుడ్డ వేయాలన్నది అప్పటిదాకా అభిరుచి ప్రశ్న. ఆ రాత్రితో ప్రాణాల ప్రశ్న కూడా అయింది. వృత్తి పరీక్షలు 1970ల్లో వచ్చాయి. ఇంటీరియర్ డిజైనర్ అన్న బిరుదును చట్టంతో కాపాడిన మొదటి అమెరికా రాష్ట్రం అలబామా, 1982లో.

మన దేశంలో ఆర్కిటెక్టు, ఇంటీరియర్ డిజైనర్ ఇద్దరి దారులూ వేరయ్యాయి. 1972 ఆర్కిటెక్టుల చట్టం ఆర్కిటెక్టు అన్న పేరుకు రక్షణ ఇచ్చింది. అదే సంవత్సరం ఇండియన్ ఇంటీరియర్ డిజైనర్ల సంస్థ పుట్టింది కానీ, ఆ పేరుకు అలాంటి చట్టం రాలేదు. అహ్మదాబాదులో 1991లో సెప్ట్ విద్యాసంస్థ ఇంటీరియర్ డిజైన్‌కు విడిగా ఒక స్కూలు పెట్టింది. ఆ తర్వాత నగరాల్లో అపార్టుమెంట్లు లేచినకొద్దీ ఈ చదువుకూ గిరాకీ లేచింది. హైదరాబాదులో ఫ్లాటు తాళాలు చేతికి రాగానే ఎవరింట్లోనైనా మొదట వినిపించే మాట ‘ఇంటీరియర్స్ ఎవరికిద్దాం’ అనే. వడ్రంగి మేస్త్రీ చేసిన చెక్కపని, ఎలక్ట్రీషియన్ లాగిన వైర్లు, ఫాల్స్ సీలింగ్ వాళ్ళ ప్లాస్టర్, ఇవన్నీ ఒక మనిషి ఆలోచన కిందికి రావాలని ఇంటివాళ్ళు కోరుకుంటున్నారు. బ్యాంకులో, సాఫ్ట్‌వేర్‌లో, బడిలో సగం జీవితం పనిచేసి ఆ మనిషి తానే కావాలనుకునేవాళ్ళకు ఇక్కడ చోటుంది.

వాళ్ళకు ఈ చరిత్ర చెప్పే మాట సూటిగానే ఉంది. నలభై దాటిందని, యాభై దాటిందని వెనకాడొద్దు. ఈ పనిని నిలబెట్టినవాళ్ళలో చాలామంది ఆ వయసువాళ్ళే. కానీ ఫీజు కట్టేముందు సిలబస్ తెప్పించుకుని చదవండి. అందులో రంగులూ కుషన్లూ మాత్రమే ఉంటే, భవనం కొలత గీత, వైరింగు, నీటి గొట్టాలు, మంటలు పాకే తీరు, బయటికి పోయే దారులు లాంటివి లేకపోతే, ఆ కోర్సులో చేరకండి. అవి నేర్పే బడి ఇంకొకటి వెతుక్కోండి.