బందరు నాయుడు, విజయనగరం కుమార్‌రాజా

1932 జూన్ 25, శనివారం. లండన్‌లో తెల్లవారుజామున నాలుగు గంటలవుతోంది. పోర్‌బందర్ మహారాజాను నిద్ర లేపారు. కళ్లు నులుముకుని చూస్తే ఎదురుగా తన జట్టు ఆటగాళ్లే కొందరు నిలబడి ఉన్నారు. ఇంకొన్ని గంటల్లో లార్డ్స్‌లో ఇండియా తన మొట్టమొదటి టెస్ట్ మ్యాచ్ ఆడాలి. వచ్చినవాళ్లు తేల్చి చెప్పింది ఒక్కటే. సి.కె. నాయుడు కెప్టెన్‌గా ఉంటే మేం ఆడం.

మన క్రికెట్ చరిత్రకారులు తరం తర్వాత తరం చెబుతూ వస్తున్న ఘట్టం ఇది. ఆ గదిలో ఎవరు ముందు నోరు తెరిచారో, ఎవరు వెనక నిలబడి తలూపారో రాసిపెట్టినవాళ్లు లేరు. పేచీ దేనికో మాత్రం తెలుసు.

ఆ టూరుకు కెప్టెన్ నిజానికి ఆ మహారాజాయే. ఇంగ్లండ్ వెళ్లే జట్టుకు రాజవంశీకుడే నాయకుడు కావాలని అప్పటి పెద్దల పట్టుదల. ముందు పటియాలా మహారాజా పేరు అనుకున్నారు, ఆయన తప్పుకున్నాడు. పోర్‌బందర్ కెప్టెన్, ఆయన బావమరిది లింబ్డీ వైస్ కెప్టెన్ అయ్యారు. వాళ్ల కింద మూడో స్థానం విజయనగరం మహారాజకుమార్‌కు, అంటే మన విజ్జీకి ఇవ్వబోతే, ఆయన ఆరోగ్యం బాగాలేదంటూ రానన్నాడు. ఆ అనారోగ్యానికి అలక అనే పేరు పెట్టడమే న్యాయం. పోర్‌బందర్ మాత్రం తన ఆట సంగతి తనకు తెలిసిన మనిషి. ఆ టూరు మొత్తం మీద ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లలో ఆయన చేసిన పరుగులు రెండే. ఆయన పరుగుల కన్నా ఆయన రోల్స్ రాయిస్ కార్లే ఎక్కువని జోకులు కూడా పుట్టాయి. నవ్వుకోండి గానీ, టెస్ట్ మ్యాచ్ నాడు నేను ఆడనని పక్కకు జరిగిన ఆయన పెద్దరికాన్ని కూడా లెక్కలో వేయాలి. లింబ్డీకి నడుం పట్టేసింది. మిగిలింది నాయుడు. 36 ఏళ్లవాడు, జట్టులో అందరికన్నా గట్టి బ్యాట్స్‌మన్. లోటల్లా ఒకటే, రాజు కాదు.

పోర్‌బందర్ పటియాలాకు తంతి కొట్టించాడు. తిరుగు తంతిలో వచ్చిన జవాబుకు రెండర్థాల్లేవు. కెప్టెన్ నాయుడే, అందరూ ఆడాల్సిందే. అలిగినవాళ్లు ప్యాడ్లు కట్టుకున్నారు.

ఈ కొఠారి కనకయ్య నాయుడు పూర్వీకులది మచిలీపట్నం. వాళ్ల తాతగారి కాలానికే కుటుంబం నాగపూర్‌లో స్థిరపడింది. ఆయన అక్కడ పేరున్న వకీలు. 1895 అక్టోబర్ 31న కనకయ్య పుట్టింది కూడా నాగపూర్‌లోనే. 1923లో, ఇక్కడ బందరులో పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకు తెరిచిన ఏడాదే, అక్కడ హోల్కర్ మహారాజు పిలిపించి ఈయనకు ఇండోర్ సైన్యంలో హోదా ఇచ్చాడు. మూడేళ్లు తిరిగేసరికి బొంబాయి జింఖానాలో గిలిగన్ తెచ్చిన ఎంసీసీ జట్టు మీద హిందూ జట్టు తరఫున 153 కొట్టాడు. అందులో సిక్సర్లే 11. రెండు గంటలు కూడా పట్టలేదు. ఇండియాకు టెస్ట్ హోదా ఇవ్వొచ్చని తెల్లదొరలకు నమ్మకం కలిగించిన ఇన్నింగ్స్ అది. బందరువాడు కాబట్టి చెబుతున్న మాట కాదు, అవతలి జట్టు వెండి బ్యాటు చేయించి మరీ ఇచ్చింది.

సరే, లార్డ్స్. టాస్ ఇంగ్లండ్ గెలిచింది. ఓపెనర్లు సట్‌క్లిఫ్, హోమ్స్. పది రోజుల కిందటే యార్క్‌షైర్‌కు ఆడుతూ తొలి వికెట్‌కు 555 పరుగులు జోడించి ప్రపంచ రికార్డు పెట్టిన జంట. నాయుడు కొత్త బంతిని మొహమ్మద్ నిస్సార్ చేతికిచ్చాడు. స్కోరు 8 దగ్గర సట్‌క్లిఫ్ బౌల్డ్. 11 దగ్గర హోమ్స్ బౌల్డ్. వూలీ లేని పరుగుకు పోతే, మలయా నుంచి వచ్చి ఈ జట్టులో చేరిన లాల్ సింగ్ మెరుపులా బంతి అందుకుని రనౌట్ చేశాడు. 19కి మూడు! నాయుడు కింద ఆడబోమన్నవాళ్లు వీళ్లలో ఎవరైనా ఉన్నారో లేదో గానీ, ఆ అరగంటలో ఎవరి మొహంలోనూ అలక కనపడి ఉండదు.

అవతల జార్డిన్ మొండిఘటం. 79 కొట్టి జట్టును 259కి చేర్చాడు. నిస్సార్‌కు అయిదు వికెట్లు. ఫీల్డింగ్‌లో నాయుడు చేతికి దెబ్బ తగిలింది. ఆ చేత్తోనే బ్యాటు పట్టి 40 చేశాడు. 189 పరుగుల మన తొలి ఇన్నింగ్స్‌లో అదే అందరికన్నా ఎక్కువ. రెండో ఇన్నింగ్స్‌లో 10కే వెనుదిరిగాడు. ఏడు వికెట్లు పడిపోయాక అమర్ సింగ్, లాల్ సింగ్ 74 జోడించారు. అమర్ సింగ్ 51 కొట్టాడు. టెస్టుల్లో మనవాళ్ల మొదటి అర్ధసెంచరీ. 158 పరుగుల తేడాతో ఓడిపోయాం. టూరు ముగిసేసరికి నాయుడు ఖాతాలో 1,618 ఫస్ట్‌క్లాస్ పరుగులున్నాయి. మరుసటి ఏడాది విజ్డెన్ వాళ్లు ఎంచిన అయిదుగురు క్రికెటర్లలో ఆయన ఒకడు.

ఇక్కడ కాస్త ఆగి, బందరు నుంచి గుడివాడ పోయే రైల్లో చెవినపడ్డ వాదన ఒకటి చెప్పాలి. రిటైరైన మేష్టారు ఒకాయన కిటికీ పక్కన. ఎదురుగా కాలేజీ కుర్రాడు, ఫోన్లో స్కోర్లు తిరగేస్తూ.

"మేష్టారూ, మీ నాయుడుగారు ఆడింది మొత్తం ఏడు టెస్టులేనండి. 350 పరుగులు, సగటు సరిగ్గా 25. ఇవాళైతే ఈ లెక్కకి ఎ టీములోకి కూడా రానివ్వరండి."

"ఒరే అబ్బాయ్, మొదటి టెస్టు నాటికి ఆయనకి ముప్ఫయ్యారేళ్లు. ఈ రోజుల్లో ఆ వయసుకి కామెంటరీ చెప్పుకుంటారు. పదేళ్ల ముందు టెస్టులుంటే నీ ఫోనులో అంకె వేరేగా ఉండేది."

"అదొచ్చి, ఉంటే అన్నమాట కదండీ. సెలెక్టర్లు చూసేది ఉన్న అంకెనే."

"అయితే మన హనుమ విహారి సంగతేవిటి? సిడ్నీలో తొడ కండరం పట్టేసినా 161 బంతులు ఆడి 23తో నిలబడ్డాడు. ఆ మ్యాచ్ పోకుండా కాపాడింది ఆ అంకేనా? పదహారు టెస్టులకి పక్కన పెట్టేశారు."

కుర్రాడు తడుముకోకుండా సగటు 33 అన్నాడు. మేష్టారు కిటికీలోంచి వరిచేల వైపు చూస్తూ, నీతో లాభం లేదురా అన్నారు. గుడివాడ వచ్చేదాకా ఇద్దరూ ఒక్క అంగుళం జరగలేదు. నా ఓటు మేష్టారికే గానీ, కుర్రాడి ప్రశ్న కూడా చిన్నదేం కాదు. అంకెను కాదంటే ఇంకేం చూసి ఎంచాలి? అంకె అక్కర్లేదనుకున్న రోజుల్లో ఏమైందో 1936 ఇంగ్లండ్ టూరు చూపించింది.

ఆ ఏడు కెప్టెన్సీ రేసులో చివరికి మిగిలిన పేర్లు రెండు. విచిత్రమేమిటంటే రెండూ తెలుగువే. ఒకటి నాగపూర్‌లో పెరిగిన బందరు వంశం. ఇంకొకటి కాశీలో కాపురం పెట్టిన విజయనగరం పూసపాటి వంశం. విజ్జీకి క్రికెట్ మీద ప్రేమ లేదంటే అబద్ధం. హాబ్స్‌నీ సట్‌క్లిఫ్‌నీ ఇండియాకు రప్పించి ఆడించినవాడు. ఒకప్పుడు నాయుడు కూడా విజ్జీ జట్టులో ఆడాడు. కానీ విజ్జీకి వచ్చింది డబ్బు ఖర్చు పెట్టడం, పైరవీ చేయడం. బ్యాటింగ్ రాదు. బోర్డు ఓట్లలో నాయుడు ఓడిపోయాడు.

జట్టు రెండుగా చీలింది. మైనర్ కౌంటీస్‌తో మ్యాచ్‌లో లాలా అమర్‌నాథ్ ప్యాడ్లు కట్టుకుని కూర్చుంటే, ఆయన్ని ఆపి వేరేవాళ్లను పంపుతూ పోయారు. ఆట ముగిసే వేళకు పంపారు. తిరిగొచ్చి డ్రెస్సింగ్ రూంలో సామాను విసిరేసి, పంజాబీలో నాలుగు మాటలు అన్నాడు. మొదటి టెస్టు కూడా ఆడనివ్వకుండా ఓడ ఎక్కించారు. 1933లో బొంబాయిలో, నాయుడితో కలిసి 186 జోడించి, ఇండియాకు మొదటి టెస్ట్ సెంచరీ కొట్టిన మనిషిని!

ఓవల్ టెస్టు ముందు ఉదయం ఫలహారం బల్ల దగ్గర బకా జిలానీ అందరి ముందూ నాయుడిని అవమానించాడు. ఆ రోజు జిలానీ టెస్ట్ క్రికెటర్ అయ్యాడు. రెండింటికీ సంబంధం ఉందని అప్పటి ఆటగాళ్లే చెప్పుకున్నారు. బౌలర్ శుతే బెనర్జీ బయట కూర్చున్నాడు. జిలానీ రెండు ఇన్నింగ్స్‌లలో 16 పరుగులు చేశాడు, వికెట్లేమీ పడలేదు, మళ్లీ టెస్టు ఆడలేదు. కెప్టెన్ విజ్జీ మూడు టెస్టులకు 33 పరుగులు. ఆ టూరులోనే సర్ బిరుదు కూడా అందుకున్నాడు.

అదే ఓవల్‌లో, రెండో ఇన్నింగ్స్. గబ్బీ ఆలెన్ విసిరిన బంతి నాయుడు డొక్కలో గట్టిగా తగిలింది. మనిషి రెండుగా వంగిపోయాడు. బయటికి రానన్నాడు. నలభై ఏళ్లవాడు, ఆ సిరీస్‌లో అప్పటిదాకా పెద్ద స్కోరు లేనివాడు, వంగిన నడుం నిటారు చేసుకుని మళ్లీ గార్డు తీసుకున్నాడు. 81 కొట్టాడు. టెస్టుల్లో ఆయన అత్యధిక స్కోరు అదే, ఆఖరి టెస్టు కూడా అదే. తర్వాత బ్యూమాంట్ కమిటీ విచారణ జరిపి అమర్‌నాథ్ తప్పు లేదంది, విజ్జీ కెప్టెన్సీని తప్పుబట్టింది.

ఇంతవరకూ విన్నవాళ్లకు నాయుడు రాముడు, విజ్జీ రావణుడు అనిపిస్తుంది. అంత సులువు కాదు. నాయుడిది మిలిటరీ పద్ధతి. జట్టులో ఎవరితోనూ కలిసేవాడు కాదు. నొప్పి అన్నవాడంటే ఆయనకు లెక్కలేదు. లార్డ్స్ తెల్లవారుజామున తలుపు తట్టినవాళ్ల కోపంలో రాజుల కొలువు గర్వం ఎంతుందో, ఈ కరుకుదనం మీద కినుక కూడా అంత ఉండొచ్చు.

ఆ కరుకుదనం బల్లకు అవతలి వైపు కూర్చున్నప్పుడు ఇంకా బాగా బయటపడింది. 1952లో ఇంగ్లండ్ టూరు. వినూ మన్కడ్‌కు అక్కడి లీగ్ క్లబ్బు హాస్లింగ్డన్ నుంచి పిలుపొచ్చింది. నన్ను టెస్టులకు తీసుకుంటారని ముందే మాటిస్తే ఆ ఒప్పందం వదులుకుంటానన్నాడు. అప్పుడు సెలెక్టర్ల పెద్ద సి.కె. నాయుడు. మాట ఇవ్వలేదు. లీడ్స్‌లో మొదటి టెస్టు, రెండో ఇన్నింగ్స్‌లో ట్రూమన్, బెడ్సర్ ధాటికి ఒక్క పరుగైనా రాకముందే నాలుగు వికెట్లు పోయాయి. సున్నాకి నాలుగు! చివరికి క్లబ్బును బతిమాలి మన్కడ్‌ను లార్డ్స్ టెస్టుకు తెచ్చుకున్నారు. 72, 184 కొట్టి, అయిదు వికెట్లు తీశాడు. అయినా ఓడిపోయాం. ఎవరికీ ముందస్తు హామీ ఇవ్వకూడదన్న నియమం మంచిదే. జట్టుకు పనికొచ్చేవాణ్ణి వదులుకోవడం మంచిది కాదు. ఈ రెండింటి మధ్య నలిగింది, ఒకప్పుడు తనే బోర్డు తీర్పుకు బలైన నాయుడు.

మరుసటి ఏడాది ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1953-54లో ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ బరిలోకి దిగింది. నాయకుడిగా 58 ఏళ్ల కనకయ్య నాయుడిని పెట్టుకున్నారు. విజ్జీ 1954లో బోర్డు అధ్యక్షుడయ్యాడు. 1956-57లో నాయుడు మళ్లీ రంజీ ఆడాడు, ఈసారి ఉత్తరప్రదేశ్ తరఫున. విజ్జీ కాపురమున్న కాశీ ఆ రాష్ట్రంలోదే. నాయుడికప్పుడు 61 ఏళ్లు. వయసు అయిపోయిందని ఆయన ముఖం మీద అనగలిగిన సెలెక్టర్ దొరికినట్టు లేడు.