గిజిగాడి గూడు నుంచి గిజిగాడి ఏడాదికి

తెలుగువాళ్లకు గిజిగాడిని పరిచయం చేయనక్కర్లేదు. పొలంగట్ల ఈతచెట్లకూ, పాతబావుల మీదికి వంగిన తుమ్మకొమ్మలకూ తలకిందులుగా కట్టిన సొరకాయ బుర్రల్లా వేలాడే ఆ గూళ్లను పల్లెల్లో పెరిగినవాళ్లంతా చూసే ఉంటారు. చూడనివాళ్లు జాషువా పద్యాల్లోనైనా ఆ పనితనం గురించి చదువుకుని ఉంటారు. కానీ మాఘమాసంలో గిజిగాడు ఎలా ఉంటుందని అడిగితే మాత్రం చాలామంది తడుముకుంటారు. పసుపు తల, నల్లని ముఖం ఉన్న ఆ మగపిట్ట ఆ నెలల్లో ఎక్కడికీ వెళ్లదు. పాత ఈకలు రాల్చేసి, ఆడపిట్ట లాగే చారల గోధుమరంగులోకి మారి, గుంపులో కలిసిపోయి మన కళ్లముందే తిరుగుతుంది. పిచ్చుకే అనుకుని మనం చూపు తిప్పుకుంటాం.

వందల ఏళ్లుగా మనిషి ఈ పిట్ట గూటిని మాత్రమే చూశాడు. ఎప్పుడు కడుతుంది, ఎందుకు రంగు మారుతుంది, గుంపుగా ఎందుకు ఉంటుంది అని లోతుగా అడగడం మొదలుపెట్టి సుమారు వందేళ్లే అయింది. పక్షుల రుతుచక్రాన్ని శాస్త్రం ఎలా అర్థం చేసుకుందో తెలుసుకోవడానికి ఈ ఒక్క పిట్ట కథ చాలు.

మెచ్చుకోళ్ల కాలం

మన పాత సాహిత్యంలో గూడు కట్టే పిట్ట నీతికథలోని పాత్ర. వానలో తడిసి వణుకుతున్న కోతికి హితవు చెప్పబోయి, ఉన్న గూడు పోగొట్టుకున్న పిట్ట కథ పంచతంత్రం, హితోపదేశం దారిన ఊరూరా తిరిగింది. అక్బరు కాలంలో అబుల్ ఫజల్ రాసిన 'ఐనె అక్బరీ' బయా పిట్ట (గిజిగాడికి ఉత్తరాది పేరు) తెలివినీ, చెప్పిన మాట వినే గుణాన్నీ పొగిడింది. ఉత్తరాది వీధుల్లో ఆడించేవాళ్లు దానికి నాణేలు ఏరుకురావడం, పూసలు గుచ్చడం నేర్పేవారు. 18వ శతాబ్దం చివర్లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ ప్రచురించిన పరిశోధన సంపుటాల్లో ఢిల్లీకి చెందిన అథర్ అలీ ఖాన్ పేరుతో బయా మీద ఒక వ్యాసం వచ్చింది. భారతీయ పక్షి గురించి భారతీయుడి పేరుతో అలాంటి సంపుటంలో వచ్చిన తొలినాళ్ల రచనల్లో అది ఒకటి.

ఐరోపా శాస్త్రం ఈ పిట్టను జాబితాలో చేర్చుకున్నది 1766లో. లిన్నేయస్ దానికి ఫిలిప్పైన్స్ పేరు తగిలించాడు. ఆ దీవుల్లో అసలు గిజిగాడే లేదు. అయినా శాస్త్రీయ నామంలో ఆ పొరపాటు ఈనాటికీ 'ప్లోసియస్ ఫిలిప్పైనస్' అని నిలిచిపోయింది. నమూనాలు చేతులు మారుతూ ఓడల్లో ప్రయాణించిన కాలమది. పిట్ట ఎక్కడిదో సరిగా తెలియనప్పుడు ఏ నెలలో ఏం చేస్తుందో తెలిసే దారే లేదు.

గూటి లోపల అంటించి ఉండే మట్టిముద్దల గురించి జనంలో ఒక నమ్మకం ఉండేది. రాత్రి వెలుగు కోసం పిట్ట ఆ మట్టిలో మిణుగురులను గుచ్చి పెడుతుందని చెప్పుకునేవారు. నెల్లూరులో వైద్యాధికారిగా పనిచేసి, ఆ తర్వాత 1860లలో 'బర్డ్స్ ఆఫ్ ఇండియా' ప్రచురించిన థామస్ జెర్డన్ ఈ సంగతిని గూళ్లు విప్పి చూసి పరిశీలించాడు. గాలికి గూడు ఊగిపోకుండా మట్టి బరువు ఆపుతుందని ఆయన అభిప్రాయం. నమ్మకాన్ని నమ్మకంగా వదిలేయకుండా గూడు విప్పి చూడటం పెద్ద అడుగే. 1870లలో అలన్ హ్యూమ్ దేశం నలుమూలల నుంచి గూళ్ల, గుడ్ల వివరాలు సేకరించి పుస్తకం వేశాడు. ఏ ప్రాంతంలో ఏ నెలలో గుడ్లు పెడుతుందన్న లెక్క అప్పుడే ఒక రూపానికి వచ్చింది. ఇంత సేకరించినా ఒక చిక్కుముడి అలాగే ఉండిపోయింది. ప్రతి చెట్టుకూ సగం కట్టి వదిలేసిన గూళ్లు ఎందుకు అన్ని ఉంటాయి? ఆడపిట్ట పొదుగుతుంటే మగపిట్ట కూర్చోవడానికి కట్టుకున్న ఊయలలని అప్పట్లో జవాబు చెప్పుకునేవారు.

కిహీమ్, 1930

ఆ ముడి విప్పినవాడు సలీం అలీ. బెర్లిన్‌లో ఎర్విన్ స్ట్రెజెమన్ దగ్గర శిక్షణ పొంది 1930లో తిరిగొచ్చేసరికి ఆయనకు ఉద్యోగం లేదు. బొంబాయి రేవుకు అవతల, అలీబాగ్ దగ్గరి కిహీమ్ అనే తీరగ్రామంలో భార్య తెహ్మీనా తరఫువాళ్ల ఇంట్లో కాపురం పెట్టారు. ఇంటికి దగ్గర్లోనే గిజిగాళ్ల గుంపు ఒకటి ఉండేది. ఆ వానాకాలమంతా చాటున కూర్చుని, ఏ పిట్ట ఏ గూట్లోకి వెళ్తోందో, ఎప్పుడు వస్తోందో రాసుకుంటూ పోయాడు. ఆ పరిశీలన 1931లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో అచ్చయింది.

ఆయన చూసింది ఇది. వానలు మొదలవగానే మగపిట్టలు చెట్టు మీద చోటు పట్టుకుని నేత మొదలుపెడతాయి. వరి ఆకు, పొడవాటి గడ్డి, ఈతాకుల నుంచి సన్నని పోగులు చీల్చి తెస్తాయి. గూడు శిరస్త్రాణం ఆకారానికి వచ్చేసరికి ఆడపిట్టలు వస్తాయి. అవి రాగానే మగపిట్టలన్నీ గూళ్లకు వేలాడి రెక్కలు కొడుతూ ఒక్కసారిగా అరుస్తాయి. ఆడపిట్ట గూట్లోకి దూరి, పోగులు లాగి, అటూ ఇటూ చూస్తుంది. నచ్చితే ఉండిపోతుంది, నచ్చకపోతే మరో గూటికి పోతుంది. ఉండిపోయిన తర్వాతే మగపిట్ట గుడ్ల గదినీ, కిందికి దిగే గొట్టం దారినీ పూర్తిచేస్తుంది. గుడ్లు పెట్టి పొదగడం ఆడపిట్ట వంతు. మగపిట్ట మాత్రం దగ్గర్లోనే రెండో గూడు మొదలుపెట్టి మరో ఆడపిట్టను పిలుస్తుంది. అంటే ఆ సగం గూళ్లు ఊయలలు కావు. ఆడపిట్ట కాదన్నవి.

ఎన్నో ఏళ్లు 'దాంపత్యానికి' ఉదాహరణగా చెప్పుకున్న పిట్ట ఒక్క రుతువులో వరసగా పలువురితో జతకడుతుందని అలా తేలింది. ఎంపిక చేసేది ఆడపిట్టే అన్నది అంతకంటే ముఖ్యమైన సంగతి. సలీం అలీ ఆ వెంటనే 1931-32లో నిజాం ప్రభుత్వం కోసం హైదరాబాదు సంస్థాన పక్షుల సర్వే చేశాడు. తెలంగాణ పక్షుల గురించి మనకు దొరికే తొలి క్రమబద్ధమైన లెక్క అదే. గిజిగాడిని ఆయన వదిలిపెట్టలేదు. శిష్యుడు వి.సి. అంబేద్కర్ ఆ పనిని కొనసాగించి, 1964లో బొంబాయి విశ్వవిద్యాలయం తరఫున భారతీయ నేతపిట్టల ప్రజననం మీద గ్రంథం వెలువరించాడు.

క్యాలెండరు ఎక్కడుంది?

కిహీమ్ పరిశీలన 'ఎలా' అన్న ప్రశ్నకు జవాబు చెప్పింది. 'ఎప్పుడు' అన్నదానికి జవాబు అదే కాలంలో మరో ఖండంలో వెతుకుతున్నారు. కెనడాలోని ఎడ్మంటన్‌లో విలియం రోవన్ జుంకో అనే చిన్న పిట్టలను నడిచలికాలంలో ఆరుబయటి పంజరాల్లో పెట్టి, రోజూ కాసేపు ఎక్కువగా దీపం వెలిగించాడు. గడ్డకట్టే చలిలోనే వాటి వృషణాలు వసంతంలో లాగా పెరిగాయి. 1925లో ఆ ఫలితం 'నేచర్' పత్రికలో వచ్చింది. పిట్టకు రుతువును చెప్పేది వెచ్చదనం కాదని, పగటి నిడివి అని అలా తెలిసింది. 1930లలో ఫ్రాన్సులో జాక్ బెన్వా బాతుల మీద ప్రయోగాలు చేసి, కళ్లు పనిచేయకపోయినా మెదడు వెలుగును గ్రహించగలదని చూపాడు.

ఈకల రంగు మీద పని చేసినవాడు అయోవా విశ్వవిద్యాలయంలోని ఎమిల్ విచీ. ఆయన పరిశీలించింది గిజిగాడికి ఆఫ్రికా బంధువైన నారింజరంగు బిషప్ పిట్టను. వృషణాలు తీసేసినా మగపిట్ట రుతువు రాగానే రంగు తొడుక్కుంది. అండాశయం తీసేసిన ఆడపిట్ట కూడా మగవేషమే వేసింది. అంటే ఆ రంగుకు ఆజ్ఞ ఇచ్చేది వృషణం కాదు, మెదడు కింద ఉండే పిట్యుటరీ గ్రంథి. ఆ గ్రంథి హార్మోన్‌ను గుర్తించే పరీక్షగా నేతపిట్ట ఈకలనే చాలాకాలం వాడారు. ఊరపిచ్చుక ముక్కు నల్లబడటం మాత్రం మగ హార్మోన్ పనేనని విచీ చూపాడు. రెండు పిట్టల్లో రెండు గుర్తులకు రెండు వేర్వేరు ఆజ్ఞలు!

ఈకలు మార్చుకోవడం పిట్టకు ఖరీదైన పని. ఈక దాదాపు పూర్తిగా ప్రొటీనే. కొత్తది మొలవాలంటే తిండి కావాలి, ఎగిరే బలమూ కొంత తగ్గుతుంది. పిల్లలను పెంచడం కూడా అంతే ఖరీదు. అందుకే చాలా పిట్టలు ఈ రెండు పనులనూ వేర్వేరు నెలలకు పంచుకుంటాయి. గిజిగాడు వానలకు ముందు తలా రొమ్ముల మీద ఈకలు మార్చుకుని రంగెక్కుతుంది. గూళ్ల కాలం ముగిశాక రెక్కా తోకలతో సహా ఒళ్లంతా మార్చుకుని మామూలు రంగుకు వస్తుంది.

శీతల దేశాల్లో కట్టిన సిద్ధాంతం మన దగ్గరికి వచ్చేసరికి తేడా కొట్టింది. ఎడ్మంటన్‌లో అతి పొడవైన పగటికీ అతి చిన్న పగటికీ మధ్య తేడా తొమ్మిది గంటలు దాటుతుంది. విజయవాడలో అది సుమారు రెండు గంటలే. పైగా చల్లని దేశాల పిట్టలకు ఒక అడ్డుకట్ట ఉంది. ఎండాకాలం మధ్యకు వచ్చేసరికి పగలు ఇంకా పొడవుగా ఉన్నా వాటి శరీరం వెలుగుకు స్పందించడం మానేసి ఈకలు రాల్చడం మొదలుపెడుతుంది. గిజిగాడు అలా చేస్తే బతకదు. జూన్ మూడో వారంలో పగలు అతి పొడవుగా ఉంటుంది. గూళ్ల సందడి ముదిరేది ఆ తర్వాత, పగలు తగ్గుతున్న జులై, ఆగస్టుల్లో. బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో జె.పి. థప్లియాల్, ఆర్.ఎన్. సక్సేనా ఈ పిట్టలను పరిశీలించి, గిజిగాడిలో ఆ అడ్డుకట్ట దశ లేదని 1964లో 'కాండర్' పత్రికలో ప్రకటించారు.

పిట్ట దేనికోసం ఆ కాలాన్ని ఎంచుకుంది, ఏ గుర్తు చూసి మొదలుపెడుతుంది అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలని జాన్ బేకర్ 1938లోనే విడదీసి చెప్పాడు. గిజిగాడికి మొదటిదాని జవాబు వాన. పెద్దపిట్టలు గింజలు తింటాయి కానీ పిల్లల నోట్లో పెట్టేది పురుగులు. పురుగులూ, నేతకు పనికొచ్చే పచ్చని పోగులూ రెండూ వానతోనే వస్తాయి. పగటి నిడివి ఒంటిని సిద్ధం చేసి ఉంచుతుంది. పచ్చగడ్డి కనిపించాక పని మొదలవుతుంది. గిజిగాడి ఆఫ్రికా బంధువు క్వీలియా విషయంలో వాన, వాన వెంట మొలిచే పచ్చగడ్డి ఎంత ముఖ్యమో 1950లలో మార్షల్, డిస్నీ ప్రయోగాలతో చూపారు.

గుంపు ఎందుకు?

మూడో ప్రశ్నకు జవాబు చెప్పినవాడు బ్రిటన్‌కు చెందిన జాన్ క్రుక్. ఆయన మన దేశంలో గిజిగాళ్లను స్వయంగా పరిశీలించి 1960లో రాశాడు. తర్వాత ఆఫ్రికా, ఆసియాల్లోని సుమారు 90 నేతపిట్టల జాతులను పక్కపక్కన పెట్టి 1964లో ఒక పెద్ద పట్టిక లాంటి అధ్యయనం ప్రచురించాడు. అడవిలో పురుగులు తినే జాతులు జంటగా ఉండి, తమ చోటు కాచుకుంటాయి. వాటిలో ఆడామగా ఒకేలా కనిపిస్తాయి. గడ్డిమైదానాల్లో గింజలు తినేవి గుంపులుగా తిరుగుతాయి, కొన్ని చెట్ల మీదే కలిసి గూళ్లు కడతాయి. వాటిలో మగపిట్టకు రంగు ఎక్కువ, జతలూ ఎక్కువ. గింజలు ఒకచోట విరివిగా, మరోచోట అసలు లేకుండా దొరుకుతాయి కాబట్టి ఒంటరిగా వెతకడం కంటే గుంపుగా వెతకడం మేలు. పాములకు, కాకులకు అందని చెట్లు తక్కువ కాబట్టి కలిసి ఉండక తప్పదు. పిట్ట సమాజానికి మూలం దాని స్వభావంలో కంటే తిండిలో, చెట్టులో ఉందన్నది క్రుక్ వాదం. 1966లో గార్ట్‌లన్‌తో కలిసి ఇదే వాదాన్ని ఆయన కోతుల గుంపులకూ వర్తింపజేశాడు. పక్షుల్లో 90 శాతానికి పైగా జాతులు జంటలుగా బతుకుతాయని డేవిడ్ లాక్ 1968లో లెక్క తేల్చాడు. గిజిగాడు మిగతా కొద్దిశాతంలోది. అందుకే దాని మీద ఇంత పరిశోధన.

చివరి మలుపు మన కాలంలోది. సుహేల్ ఖాదర్ 2006లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఆడపిట్ట ఎంపికలో గూటి నేత కంటే గూడున్న చోటుకే ఎక్కువ విలువ. శతాబ్దాలుగా మనం మెచ్చుకున్న నేర్పును ఆడపిట్ట రెండో స్థానంలో పెట్టింది. పిల్లలు క్షేమంగా ఎగిరిపోయే కొమ్మ ఏదన్నదే దానికి ముఖ్యం.

ఇప్పుడు మనం చేయాల్సింది

ఈ చరిత్ర అంతా కలిపి చెప్పేది ఒక్కటే. గూడు ఒక వస్తువుగా కనిపించినా నిజానికి అది ఏడాదిలో ఒక దశ. దాని వెనక వెలుగు, వాన, గడ్డి, పురుగు, చెట్టు అన్నీ వరసగా కలిసి రావాలి. ఒక్కటి తప్పినా వరస చెడుతుంది. రాత్రిపూట కృత్రిమ వెలుగు తగిలిన బ్లాక్‌బర్డ్ పిట్టల్లో వృషణాలు దాదాపు నెల ముందే పెరిగాయని, ఈకలు కూడా ముందే రాలాయని 2013లో జర్మనీలో చేసిన ప్రయోగం చూపింది. గిజిగాడికి దగ్గరి బంధువైన ఫిన్స్ నేతపిట్ట, హిమాలయాల దిగువ తెరాయి గడ్డిభూములు తరిగిపోవడంతో 2021లో అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలోకి ఎక్కింది. గిజిగాడికి ఆ దుస్థితి లేదు. ఉన్నప్పుడే జాగ్రత్తపడటం తేలిక.

పాఠకులకు రెండు మనవులు. ఇంట్లో అలంకారానికని గిజిగాడి గూడు కోయకండి. పిల్లలు ఎగిరిపోయాక ఖాళీ గూళ్లలో మునియా పిట్టలు చేరి గుడ్లు పెడతాయి. మీ ఊరి గట్టు మీది ఈతచెట్టు, బావి పక్క తుమ్మచెట్టు పనికిరానివని ఎవరైనా నరకబోతే అడ్డుచెప్పండి. ఇక ఈ ఏడాది నుంచి ఒక నోటుపుస్తకంలో మూడు తేదీలు రాసి పెట్టండి: మొదటి పసుపు తల కనిపించిన రోజు, మొదటి పోగు చుట్టిన రోజు, గుంపు రంగు కోల్పోయిన రోజు. సలీం అలీ చేసింది కూడా ఇలా చూసి రాసుకోవడమే. కిహీమ్ పిట్టల లెక్క మనకుంది. కృష్ణా, గోదావరి, తుంగభద్ర ఆయకట్టుల్లోని గిజిగాళ్ల లెక్క ఊరూరా రాయాల్సింది మనమే.