మీ బీపీ మాత్రలో ‘వాటర్ టాబ్లెట్’ ఉందా? ఎండాకాలంలో, విరేచనాల సమయంలో ఏం చేయాలి? ఏ పరీక్షలు చేయించుకోవాలి?

బీపీకి రోజూ మాత్ర వేసుకునేవాళ్లలో చాలామందికి అందులో డైయూరెటిక్ ఉన్న సంగతి తెలియదు. శరీరంలోని అదనపు ఉప్పును, నీటిని మూత్రం ద్వారా బయటకు పంపే మందునే డైయూరెటిక్ అంటారు. మందుల షాపుల్లో ‘వాటర్ టాబ్లెట్’ అంటుంటారు. ఇప్పుడు ఒకే మాత్రలో రెండు మూడు మందులు కలిపి వస్తున్నాయి కాబట్టి, విడిగా ఇది ఒకటి వేసుకుంటున్నామన్న స్పృహ ఉండదు. మామూలు రోజుల్లో దానివల్ల పెద్ద ఇబ్బంది లేదు. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున, మోకాళ్ల నొప్పికి షాపులో మాత్ర కొనుక్కున్న రోజున మాత్రం ఆ సంగతి తెలిసి ఉండటం చాలా అవసరం.

స్ట్రిప్ వెనక ఏం చూడాలి?

బ్రాండ్ పేరు చివర ‘హెచ్’ అనే ఇంగ్లిష్ అక్షరం ఉంటే సాధారణంగా హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసి ఉన్నట్టు. ‘సీటీ’ లేదా ‘సీహెచ్’ అని ఉంటే ఎక్కువగా క్లోర్‌థాలిడోన్. ఈ అక్షరాలు కంపెనీని బట్టి మారిపోతాయి కాబట్టి వాటినే నమ్ముకోకుండా, స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఉండే మందు పేర్లు చదవండి. చదవడం కష్టమైతే ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. ఇండపమైడ్ కూడా ఇదే కోవలోకి వస్తుంది. ఫ్యూరోసెమైడ్, టార్సెమైడ్ ఇంకా బలమైనవి. వాటిని ఎక్కువగా గుండె వైఫల్యం, కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఇస్తారు. మూడు మందులు వాడినా బీపీ తగ్గనివారికి తరచూ స్పైరోనోలాక్టోన్ చేరుస్తారు. ఆమ్లోడిపిన్ డైయూరెటిక్ కాదు.

షాపులో స్ట్రిప్ కత్తిరించి ఇస్తే, పేరు ఉన్న ముక్క మీ దగ్గరే ఉండేలా అడిగి తీసుకోండి.

ఇక్కడే ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. ప్రైవేటు డాక్టర్ రాసిన కాంబినేషన్ మాత్ర ఇంట్లో ఉంటుంది. తర్వాత పీహెచ్‌సీలోనో బస్తీ దవాఖానాలోనో టెల్మిసార్టాన్, క్లోర్‌థాలిడోన్ విడివిడిగా ఇస్తారు. పాతదీ కొత్తదీ రెండూ వేసుకుంటే మోతాదు రెట్టింపవుతుంది. కొత్త మందు తీసుకునేటప్పుడు పాత స్ట్రిప్ చూపించి, ‘ఇది ఆపేయాలా?’ అని అడగండి. జన ఔషధి కేంద్రంలో చవకగా కొనేటప్పుడూ అంతే. టెల్మిసార్టాన్ 40 మి.గ్రా., హైడ్రోక్లోరోథయాజైడ్ 12.5 మి.గ్రా. కలిపిన మాత్ర అక్కడ కూడా దొరుకుతుంది. మందు పేరు, మిల్లీగ్రాములు రెండూ సరిపోలాలి. హైడ్రోక్లోరోథయాజైడ్ స్థానంలో అన్నే మిల్లీగ్రాముల క్లోర్‌థాలిడోన్ వేసుకోకూడదు. అది మరింత బలంగా, ఎక్కువ సేపు పనిచేస్తుంది.

మూత్రం ఎక్కువ రావడం లేదంటే మందు పనిచేయనట్టేనా?

కాదు. మొదటి కొన్ని రోజులు మూత్రం ఎక్కువగా వస్తుంది, తర్వాత దాదాపు మామూలైపోతుంది. ఆ తర్వాత కూడా రక్తనాళాలు కొంత వదులవడం వల్ల బీపీ అదుపులోనే ఉంటుంది. మూత్రం రావడం లేదని మోతాదు పెంచుకోవడం ప్రమాదం. అలాగే ఆమ్లోడిపిన్ వాడేవాళ్లలో కొందరికి పాదాలు వాస్తాయి. ఆ వాపు చూసి ‘నీరు చేరింది’ అనుకుని షాపులో ఫ్యూరోసెమైడ్ కొనుక్కునేవాళ్లున్నారు. ఆ వాపు వాటర్ టాబ్లెట్‌తో సరిగా తగ్గదు, మందు మార్చాలి. వాపుతోపాటు ఆయాసం ఉంటే గుండె, కిడ్నీ పరీక్షలు చేయించుకోవాలి.

ఇది పాత మందు, చవక మందు అని చిన్నచూపు అక్కర్లేదు. 2002లో ఫలితాలు వెలువడిన ‘ఆల్‌హాట్’ అధ్యయనంలో 33 వేల మందికి పైగా పాల్గొన్నారు. గుండెపోటు, గుండెజబ్బు మరణాల విషయంలో క్లోర్‌థాలిడోన్ ఖరీదైన కొత్త మందులకు తీసిపోలేదు. 80 ఏళ్లు దాటినవారిపై జరిగి 2008లో వెలువడిన ‘హైవెట్’ అధ్యయనంలో, ఇండపమైడ్‌తో మొదలుపెట్టిన చికిత్స మరణాలను తగ్గించింది. కాబట్టి భయపడి మానేయాల్సిన మందు కాదిది.

ఏ వేళకు వేసుకోవాలి?

ఉదయం. రాత్రి వేసుకుంటే నిద్రలో రెండు మూడుసార్లు బాత్రూమ్‌కు లేవాల్సి రావచ్చు. పెద్దవాళ్లు చీకట్లో పడి తుంటి ఎముక విరగ్గొట్టుకునేది అలాంటప్పుడే. ఉదయం మర్చిపోతే మధ్యాహ్నం లోపు గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. సాయంత్రం దాటితే ఆ రోజుకు వదిలేసి, మర్నాడు మామూలుగా ఒకటే వేసుకోండి. మంచం మీద నుంచి లేచేటప్పుడు ఒక నిమిషం కూర్చుని తర్వాత నిలబడండి. నిలబడగానే కళ్లు తిరుగుతుంటే, బీపీని కూర్చున్నప్పుడే కాకుండా నిలబడినప్పుడు కూడా చూడమని అడగండి. రంజాన్ ఉపవాసాలు ఉండేవాళ్లు నెల మొదలయ్యే ముందే వేళ, మోతాదు గురించి డాక్టర్‌తో మాట్లాడుకోవాలి.

ఎండలు, విరేచనాలు, జ్వరం

అసలు జాగ్రత్త ఇక్కడ కావాలి. వాంతులు, విరేచనాలతో శరీరం నీటిని, ఉప్పును కోల్పోతున్నప్పుడు ఈ మాత్ర కూడా అదే పని చేస్తూ ఉంటుంది. బీపీ బాగా పడిపోవచ్చు, కిడ్నీలకు రక్తం తగ్గిపోవచ్చు. తిండి, నీరు నిలవనంతగా వాంతులు, విరేచనాలు అవుతుంటే ఆ రోజు మాత్ర వేసుకునే ముందు డాక్టర్‌కు ఫోన్ చేయండి. చాలా సందర్భాల్లో ఒకటి రెండు రోజులు డైయూరెటిక్ ఆపి, మామూలుగా తినగలిగాక మళ్లీ మొదలుపెట్టమంటారు. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటివి, షుగర్‌కు వాడే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి కూడా అలాంటప్పుడు ఆపాల్సి రావచ్చు. ఈ చివరి రెండూ మూత్రాన్ని పెంచేవే. ఒంట్లో బాగున్నప్పుడే ‘విరేచనాలు పట్టుకుంటే ఏవి ఆపాలి?’ అని డాక్టర్‌ను అడిగి చీటీ మీద రాయించుకోవడం మంచిది. మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా రాయించుకోండి. ఆపిన మాత్రను అలాగే మర్చిపోయేవాళ్లు తక్కువేం కాదు.

బీపీ ఉంది కదా, ఓఆర్‌ఎస్‌లో ఉప్పుంటుంది కదా అని విరేచనాల్లో దాన్ని మానేయకండి. అప్పుడు శరీరానికి కావలసింది అదే. ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి. గుండె వైఫల్యం, ముదిరిన కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఎంత తాగవచ్చో డాక్టర్‌ను అడగాలి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఎండాకాలమని దాహం లేకపోయినా రోజుకు నాలుగైదు లీటర్ల నీళ్లు తాగుతూ, తిండి తగ్గించి, పైగా ఈ మాత్ర వేసుకుంటే రక్తంలో సోడియం పడిపోవచ్చు. వయసు పైబడిన, సన్నగా ఉండే మహిళల్లో ఈ ముప్పు ఎక్కువ. తరచూ మందు మొదలుపెట్టిన తొలి వారాల్లోనే బయటపడుతుంది, ఆ తర్వాత కూడా రావచ్చు. నీరసం, తలనొప్పి, వికారంతో మొదలై మత్తుగా ఉండటం, మాటల్లో తడబాటు, మనుషుల్ని గుర్తుపట్టలేకపోవడం దాకా వెళ్తుంది. ఇంట్లోవాళ్లు ‘వయసైపోయింది, చాదస్తం’ అనుకుంటారు. నిన్నటిదాకా బాగున్న మనిషి రెండు రోజుల్లో ఇలా మారితే అది వయసు వల్ల కాదు, రక్తపరీక్ష చేయించాలి.

నొప్పి మాత్రలతో కలిస్తే

మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ అడిగి తెచ్చుకోవడం మన దగ్గర మామూలే. ఇవి డైయూరెటిక్ ప్రభావాన్ని తగ్గించి బీపీని పెంచుతాయి. టెల్మిసార్టాన్ లాంటి మందు, డైయూరెటిక్, నొప్పి మాత్ర ఈ మూడూ కలిస్తే కిడ్నీ ఉన్నట్టుండి దెబ్బతినవచ్చు. పైగా ఒంట్లో నీరు తగ్గిన రోజైతే ముప్పు ఇంకా ఎక్కువ. జ్వరానికి, నొప్పికి సరైన మోతాదులో పారాసిటమాల్ వీటికంటే మెరుగు. జలుబు, నొప్పుల కోసం కొనే కాంబినేషన్ మాత్రల్లో ఐబుప్రొఫెన్ కలిసి ఉందేమో చూసుకోండి. మానసిక వ్యాధికి లిథియం వాడేవాళ్లు, గతంలో సల్ఫా మందులు పడనివాళ్లు, గౌట్ ఉన్నవాళ్లు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు ఆ సంగతి ముందే డాక్టర్‌కు చెప్పాలి.

కొబ్బరినీళ్లు తాగొచ్చా?

హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్‌థాలిడోన్ వల్ల పొటాషియం తగ్గుతుంది. కాళ్ల పిక్కలు పట్టేయడం, నీరసం, గుండె దడ దాని లక్షణాలు. స్పైరోనోలాక్టోన్ ఇందుకు విరుద్ధం, పొటాషియాన్ని పెంచుతుంది. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. కాబట్టి మొదటి రకం వాడుతూ కిడ్నీలు బాగున్నవాళ్లు అప్పుడప్పుడు ఒక బోండాం తాగితే తప్పులేదు. స్పైరోనోలాక్టోన్‌ను టెల్మిసార్టాన్‌తో కలిపి వాడేవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం అడగకుండా తాగకూడదు. సూపర్‌మార్కెట్లో దొరికే ‘లో సోడియం’ ఉప్పు విషయంలోనూ అదే జాగ్రత్త. అందులో సోడియం బదులు కొంత పొటాషియం క్లోరైడ్ ఉంటుంది.

మామూలు ఉప్పును రోజుకు 5 గ్రాముల లోపు ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు ఉన్న భోజనంలో ఆ లెక్క తేలిగ్గా దాటిపోతుంది. ఉప్పు ఎక్కువ తింటే ఈ మందు పని మందగిస్తుంది, పొటాషియం కూడా ఇంకాస్త ఎక్కువగా పోతుంది.

ఏ పరీక్షలు, ఎక్కడ?

మందు మొదలుపెట్టే ముందు ఒకసారి, మొదలుపెట్టిన లేదా మోతాదు మార్చిన రెండు నుంచి నాలుగు వారాల్లో మరోసారి సోడియం, పొటాషియం, క్రియాటినిన్ చూడాలి. ఆ తర్వాత అంతా స్థిరంగా ఉంటే కనీసం ఏడాదికోసారి. వృద్ధులకు, కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఇంకా తరచుగా అవసరం. సోడియం సాధారణంగా 135 నుంచి 145, పొటాషియం 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. షుగర్, యూరిక్ యాసిడ్ కూడా కొందరిలో కొంచెం పెరుగుతాయి, కాబట్టి అవి కూడా చూపించుకోండి.

చాలామంది చేయించుకోనిది ఈ రెండో పరీక్షనే. ప్రభుత్వ వ్యవస్థలో దీనికి డబ్బు కట్టక్కర్లేదు. తెలంగాణలో బస్తీ దవాఖానాలు, పీహెచ్‌సీల్లో రక్తం తీసి ‘తెలంగాణ డయాగ్నొస్టిక్స్’ ల్యాబ్‌లకు పంపుతారు. ఆంధ్రప్రదేశ్‌లో పీహెచ్‌సీ, అర్బన్ హెల్త్ సెంటర్‌లో అడగండి. సోడియం, పొటాషియం పరీక్ష అక్కడ లేకపోతే ఏరియా ఆసుపత్రికి రాయించుకోండి. ‘బీపీ మాత్రలు కావాలి’ అని మాత్రమే అడిగితే మాత్రలే ఇస్తారు. పరీక్ష కావాలని నోరు తెరిచి అడగాలి. దూరంగా ఉన్నవాళ్లు ఈ-సంజీవని ద్వారా వీడియోలో ప్రభుత్వ డాక్టర్‌తో మాట్లాడవచ్చు.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

స్పృహ తప్పడం, మాట తడబడటం, ఫిట్స్, గుండె లయ తప్పినట్టు కొట్టుకోవడం, రోజంతా మూత్రం దాదాపు రాకపోవడం, ముఖం వాచి ఊపిరి ఆడకపోవడం కనిపిస్తే 108కి ఫోన్ చేయండి. ఉన్నట్టుండి చూపు మసకబారి కన్ను నొప్పి పుట్టినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఈ మందులతో అరుదుగా కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. వెళ్లేటప్పుడు ఇంట్లో వాడుతున్న స్ట్రిప్‌లన్నీ ఒక కవర్లో వేసుకుని తీసుకెళ్లండి. డైయూరెటిక్ వాడుతున్నారని తెలిస్తే అక్కడి డాక్టర్ సోడియం, పొటాషియం పరీక్ష ముందుగా చేయిస్తారు.