బస్తా ఎత్తినప్పుడు నడుము పట్టేస్తే: మొదటి రోజు నుంచి ఆరో వారం వరకు రైతు చేయాల్సినవి

వరి కోతలు మొదలయ్యాక రామగుండం, అంతర్గాం, పాలకుర్తి, కమాన్‌పూర్ మండలాల్లో ఏ కొనుగోలు కేంద్రానికి వెళ్ళినా తేమ శాతం, తాలు, గన్నీ సంచుల గురించే మాటలు వినిపిస్తాయి. కాంటా పక్కన నడుము పట్టుకుని కూర్చున్న మనిషిని ఎవరూ పట్టించుకోరు. పైరుకు తెగులు కనిపిస్తే మర్నాడే ఆకు తెంపుకొచ్చి చూపించే రైతు, తన నడుము కలుక్కుమంటే మాత్రం తువ్వాలు బిగించి కట్టుకుని ఇంకో బస్తా ఎత్తుతాడు.

గత యాసంగిలో మా దగ్గర ఒక రైతు ఇలాగే చేశారు. నైట్ షిఫ్ట్ దిగి నేరుగా కల్లం దగ్గరికి వచ్చి బస్తాలు ఎత్తారు. నడుము పట్టేసింది. ఊళ్ళో ఒక సూది వేయించుకుని, నొప్పి తగ్గగానే మధ్యాహ్నం మళ్ళీ లోడింగ్‌కు దిగారు. సాయంత్రానికి నొప్పి కాలులోకి పాకింది. ఆ తర్వాత వానాకాలం నార్లు పోసే నాటికి కూడా ఆయన పొలంలో దిగలేకపోయారు. ధాన్యం లారీ ఎక్కింది కానీ రెండు నెలల కూలీ, డ్యూటీ రెండూ పోయాయి. మొదటి రోజే పని ఆపి ఉంటే ఇంత నష్టం జరిగేది కాదేమో.

నేను వ్యవసాయ అధికారిని, డాక్టర్‌ని కాదు. అయితే నడుము దెబ్బ విషయంలో వైద్యులు సాధారణంగా చెప్పే జాగ్రత్తలను మన పొలం పనికి తగినట్టు ఇక్కడ ఇస్తున్నాను. ఇవి డాక్టరు సలహాకు బదులు కావు.

నడుము ఎందుకు దెబ్బతింటుంది?

యూరియా బస్తా బరువు 2018లో 50 కిలోల నుంచి 45 కిలోలకు తగ్గింది. డీఏపీ బస్తా 50 కిలోలు. కొనుగోలు కేంద్రంలో ధాన్యం బస్తా 40 కిలోలు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో చేసిన సిఫారసు ప్రకారం ఒక మగ కార్మికుడు మోసే బరువు 55 కిలోలు మించకూడదు. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క ఇంకా తక్కువ: అన్నీ అనుకూలంగా ఉన్నా 23 కిలోలు. అంటే మన బస్తా ఒక లెక్కలో హద్దు లోపలే ఉంది, ఇంకో లెక్కలో దాదాపు రెట్టింపు.

అసలు తేడా బస్తా ఒంటికి ఎంత దూరంలో ఉందన్న దానిలో ఉంటుంది. వెన్నును నిలబెట్టే కండరాలు వెన్నెముక మధ్య నుంచి సుమారు 5 సెంటీమీటర్ల వెనుక ఉంటాయి. 45 కిలోల బస్తాను నడుముకు 40 సెంటీమీటర్ల ముందు పట్టుకుంటే ఆ కండరాలు దాదాపు 360 కిలోల బలంతో లాగాలి. అదే బస్తాను పొట్టకు ఆనించి 20 సెంటీమీటర్లకు తెస్తే 180 కిలోలు సరిపోతుంది. వంగినప్పుడు మన ఒంటి బరువు దీనికి అదనం. ఈ ఒత్తిడంతా ఎక్కువగా నడుము అడుగున ఉన్న చివరి రెండు డిస్కుల మీద పడుతుంది.

రెండో కారణం, ఎన్నిసార్లు ఎత్తుతున్నాం అన్నది. ఎకరాకు 25 క్వింటాళ్ళు పండితే 62 బస్తాలు అవుతాయి. కాంటా మీదికి ఒకసారి, లారీకి ఒకసారి ఎత్తితే ఎకరానికే 5 టన్నులు. చివరి పది బస్తాల దగ్గర, కండరాలు అలసిపోయాక, దెబ్బ తగలడానికి ఎక్కువ అవకాశం ఉంటుంది.

ఏ సమయంలో జాగ్రత్త ఎక్కువ కావాలి?

• నిద్ర లేచిన మొదటి గంట: రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. అప్పుడు వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ. లేవగానే బస్తా ముట్టుకోవద్దు. ఒక గంట నడక, తేలిక పనులు అయ్యాక ఎత్తండి.
• షిఫ్ట్ దిగిన వెంటనే: మన ప్రాంతంలో ఒకే ఇంట్లో గని పని, పొలం పని రెండూ ఉంటాయి. ఓపెన్‌కాస్ట్‌లో డంపర్ నడిపినవారికి, గంటల తరబడి ట్రాక్టర్ మీద కూర్చున్నవారికి కుదుపుల వల్ల నడుము అప్పటికే అలసి ఉంటుంది. దిగిన తర్వాత కనీసం పది, పదిహేను నిమిషాలు నడవాలి. నైట్ షిఫ్ట్ చేసినవారు నిద్ర పోయి లేచాకే బరువు పని పెట్టుకోవాలి.
• వంగి తిరిగినప్పుడు: బస్తా పట్టుకుని పాదాలు కదపకుండా నడుమును మాత్రమే పక్కకు తిప్పడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. ట్రాలీలోకి విసిరేటప్పుడు జరిగేది ఇదే.

ఈ లక్షణాలుంటే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి

• మూత్రం రాకపోవడం, లేదా తెలియకుండా మూత్రం, విరేచనం పోవడం
• మలద్వారం చుట్టూ, తొడల లోపలి వైపు తిమ్మిరి
• కాలు లేదా పాదం బలం తగ్గడం, చెప్పు జారిపోవడం, మడమల మీద నడవలేకపోవడం
• లారీ, ట్రాలీ, ధాన్యం నెట్టు మీది నుంచి పడిన తర్వాత వచ్చిన నొప్పి
• నొప్పితో పాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం (వెన్నెముకకు క్షయ సోకినా ఇలా ఉంటుంది)
• పెద్ద వయసు ఆడవారికి చిన్న బరువుకే హఠాత్తుగా తీవ్రమైన నొప్పి (ఎముక గుల్లబారి విరిగి ఉండవచ్చు)

మొదటి మూడింటిలో ఏది కనిపించినా తెల్లవారే దాకా ఆగవద్దు. నరాల మీద ఒత్తిడి గంటలు గడిచేకొద్దీ శాశ్వత నష్టం చేస్తుంది. 108కు ఫోన్ చేసి గోదావరిఖని ప్రభుత్వ ఆసుపత్రికి గానీ, పెద్దపల్లి జిల్లా ఆసుపత్రికి గానీ వెళ్ళండి. సింగరేణి ఉద్యోగులు, వారి కుటుంబాలవారు కంపెనీ ఏరియా ఆసుపత్రికి వెళ్ళవచ్చు. దెబ్బ పొలంలో తగిలినా సరే, గనిలో మీరు చేసే పని ఏమిటో డాక్టరుకు చెప్పి, ఎప్పుడు డ్యూటీలో చేరవచ్చో అడగండి.

మొదటి మూడు రోజులు

1. కలుక్కుమన్న బస్తానే ఆ రోజుకు చివరి బస్తా కావాలి. మెల్లగా కింద పెట్టి పక్కకు రండి.
2. మోకాళ్ళ కింద దిండు పెట్టుకుని వెల్లకిలా, లేదా మోకాళ్ళ మధ్య దిండుతో పక్కకు తిరిగి పడుకోండి. అయితే రోజంతా మంచం పట్టవద్దు. ఒకటి, రెండు రోజులు మించి పడుకుంటే కోలుకోవడం ఆలస్యమవుతుంది.
3. మెలకువగా ఉన్నంతసేపు గంటకోసారి లేచి ఐదు నిమిషాలు ఇంట్లోనే నడవండి.
4. వేడి కాపడం లేదా గుడ్డలో చుట్టిన ఐసు, ఏది హాయిగా ఉంటే అది 15 నుంచి 20 నిమిషాలు పెట్టండి.
5. నొప్పి మాత్రలు డాక్టరు చెప్పిన మోతాదులోనే వాడండి. బీపీ, షుగరు, కిడ్నీ సమస్య, కడుపులో పుండు ఉంటే ముందుగా చెప్పండి. డైక్లోఫెనాక్ వంటి మందులు వీరికి హాని చేస్తాయి.

నాలుగో రోజు నుంచి ఆరో వారం వరకు

చాలామందికి ఈ నొప్పి నాలుగు నుంచి ఆరు వారాల్లో తగ్గిపోతుంది. డిస్కు జారినవారిలో కూడా ఎక్కువమందికి ఆపరేషన్ అవసరం రాదు. కానీ నొప్పి తగ్గడం వేరు, బస్తా ఎత్తే బలం రావడం వేరు. మడిలో నాటు వేళ్ళూనుకోక ముందే లాగితే చేతికి వచ్చినట్టు, ఈ దశలో తొందరపడితే దెబ్బ తిరగబెడుతుంది.

• 4 నుంచి 14 రోజులు: రోజుకు రెండు, మూడుసార్లు నడక. పొలం గట్టు మీద నడిచి నీళ్ళు చూసుకోవచ్చు. 5 కిలోలకు మించి ఎత్తవద్దు. పార పని, కలుపు తీత వద్దు.
• 3, 4 వారాలు: వ్యాయామం మొదలు పెట్టండి. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి పిరుదులు పైకెత్తి ఐదు సెకన్లు ఉంచాలి. చేతులు, మోకాళ్ళ మీద ఉండి కుడి చేయి, ఎడమ కాలు చాచాలి, తర్వాత వైపు మార్చాలి. ఒక్కోటి ఎనిమిది నుంచి పదిసార్లు. నడుములో కొద్దిగా లాగినట్టు ఉంటే ఫరవాలేదు. నొప్పి కాలులోకి దిగితే ఆపేసి డాక్టరుకు లేదా ఫిజియోథెరపిస్టుకు చూపించండి.
• 5, 6 వారాలు: 10 కిలోలతో మొదలుపెట్టి, మర్నాడు నొప్పి పెరగకపోతే 15, ఆ తర్వాత 20 కిలోలు. నిండు బస్తా ఆరో వారం దాటాకే, అదీ ఇద్దరు కలిసి ఎత్తాలి.

ఆరు వారాలైనా కాలు నొప్పి తగ్గకపోతే డాక్టరు ఎమ్మారై రాయవచ్చు. మామూలు ఎక్స్‌రేలో డిస్కు కనిపించదు. ప్రమాద లక్షణాలు లేనప్పుడు మొదటి వారంలోనే స్కానింగులకు డబ్బు పోయనవసరం లేదు.

చేయకూడనివి

• ఏమిటో తెలియని సూది వేయించుకుని అదే రోజు పనికి వెళ్ళడం. నొప్పి తెలియకపోయినా దెబ్బ అలాగే ఉంటుంది.
• నడుము మీద తొక్కించుకోవడం, గట్టిగా విరిపించుకోవడం.
• నడుము బెల్టు ఉంది కదా అని బరువు ఎత్తడం. బెల్టు కొంత ఊరటనిస్తుంది కానీ దెబ్బను ఆపుతుందని నమ్మకంగా చెప్పలేం.
• నొప్పి మరవడానికి మద్యం తాగడం. నొప్పి మాత్రలతో కలిస్తే కడుపుకు, కాలేయానికి ముప్పు.

మళ్ళీ బస్తా పట్టేటప్పుడు

1. బస్తాను నిలబెట్టి, ఒక పాదం కొంచెం ముందుకు పెట్టి దగ్గరగా నిలబడండి.
2. మోకాళ్ళు, తుంటి దగ్గర వంగండి. ఒక చేత్తో పై మూల, రెండో చేత్తో ఎదురుగా ఉన్న కింది మూల పట్టుకోండి.
3. పొట్టకు ఆనించుకుని కాళ్ళ బలంతో లేవండి. కుదుపుతో లాగవద్దు.
4. తిరగాలంటే పాదాలు కదిపి తిరగండి.
5. వీలైనంతవరకు బస్తాను నేల మీది నుంచి ఎత్తే అవసరం లేకుండా చూడండి. నడుము ఎత్తున బల్ల గానీ, వెనుక డాల తీసిన ట్రాలీ గానీ ఉంటే సగం శ్రమ తగ్గుతుంది.
6. ఇరవై బస్తాలకు ఒకసారి పది నిమిషాలు ఆగి నీళ్ళు తాగండి.

మందు పిచికారీ పంపు విషయమూ ఇంతే. 16 లీటర్ల పంపు నిండితే 20 కిలోల పైనే ఉంటుంది. తైవాన్ పంపు ఇంకా బరువు. నేల మీది నుంచి ఒక భుజానికి లాగి తగిలించుకోవద్దు. గోడ మీద గానీ ట్రాలీ అంచున గానీ పెట్టి రెండు పట్టీలు ఒకేసారి వేసుకోండి. నడుము దెబ్బ తగిలి కోలుకున్నవారు సగమే నింపుకుని రెండుసార్లు కొట్టుకోవడం మేలు.

సీజన్‌కు ముందే చేసుకోవాల్సిన ఏర్పాట్లు

యాసంగి కొనుగోళ్ళప్పుడు వాన భయంతో, హమాలీలు దొరక్క రైతు తానే బస్తాలకు దిగుతాడు. అందుకే కోతకు రెండు వారాల ముందే పక్క రైతులతో బదులు పని మాట్లాడుకోండి. నలుగురు కలిసి చక్రాల తోపుడుబండి ఒకటి కొనుక్కుంటే చాలా ఏళ్ళు పనికొస్తుంది. ఎరువులు ఒకేసారి ఇంట్లో దింపి మళ్ళీ పొలానికి మోసే బదులు, నేల తడవకుండా చెక్కలు వేసి మడి దగ్గరే దింపించుకునే వీలుందేమో చూడండి.

విశ్రాంతి తీసుకుంటే నలుగురూ ఏమంటారో అనే మొహమాటం వద్దు. బరువులెత్తడమే వృత్తిగా ఉన్న మీరాబాయి చాను 2018 ఏప్రిల్‌లో కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచారు. ఆ తర్వాత నడుము గాయంతో అదే ఏడాది ఆసియా క్రీడలకు దూరంగా ఉన్నారు. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో 49 కిలోల విభాగంలో మొత్తం 202 కిలోలు ఎత్తి రజతం తెచ్చారు. ఆమే ఆగి కోలుకున్నప్పుడు, మనం ఆరు వారాలు ఆగితే తప్పులేదు.

ఇంట్లోవారికి ఒక మాట. ఆడవారు నాట్లలో, కలుపు తీతలో గంటల తరబడి వంగి ఉంటారు. వారి నడుము నొప్పికి కూడా పైన చెప్పిన జాగ్రత్తలే వర్తిస్తాయి. అరగంటకోసారి నిటారుగా నిలబడి, చేతులు నడుము మీద పెట్టుకుని నాలుగైదుసార్లు వెనక్కి వంగాలి.

బదులు పని గుంపులు, తోపుడుబండ్లు, పరికరాల అద్దె గురించి మీ క్లస్టర్ వ్యవసాయ విస్తరణ అధికారిని రైతు వేదికలో కలిసి అడగండి. నొప్పి గురించి మాత్రం డాక్టరునే అడగండి, అదీ కలుక్కుమన్న మొదటి రోజే.