ఈస్టు కడుపున పుట్టిన టీకా

1992. జెనీవాలో టీకాల మీద అంతర్జాతీయ సదస్సు. వచ్చినవాళ్లలో చాలామంది డాక్టర్లు, శాస్త్రవేత్తలు. వారి మధ్య నలభై దాటిన తెలుగాయన ఒకరున్నారు. నెల్లూరు జిల్లా పాపిరెడ్డిపాళెంలో పుట్టి, ఎలక్ట్రానిక్స్ ఇంజినీరుగా హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధనశాలలో పనిచేసి, ఆ తర్వాత బ్యాటరీల పరిశ్రమ నడిపిన కె.ఐ. వరప్రసాద్ రెడ్డి. జీవశాస్త్రం ఆయన చదువు కాదు.

అక్కడ ఆయన చెవిన పడింది హెపటైటిస్-బి గురించి. తల్లి నుంచి బిడ్డకు, కలుషితమైన సూది నుంచి రోగికి పాకే వైరస్ అది. ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా కాలేయంలో దాక్కుని, చివరికి సిరోసిస్‌గానో క్యాన్సర్‌గానో బయటపడవచ్చు. టీకా ఉంది. కానీ విదేశం నుంచి రావాలి, ఒక్క డోసు ఏడు వందల రూపాయల పైమాటే. మూడు డోసులు తప్పనిసరి. నిజామాబాద్ జిల్లా బోధన్ చెరుకు తోటల్లో కోతకు వెళ్లే కూలీ ఇద్దరు పిల్లలకు వేయించాలంటే నాలుగు వేలు దాటుతుంది. ఆ రోజుల్లో ఆ ఇంటికి అది అయ్యే పనేనా?

టెక్నాలజీ ఇమ్మని వరప్రసాద్ రెడ్డి ఒక విదేశీ కంపెనీని అడిగారు. మీ దేశం దీన్ని కొనలేదు, ఇచ్చినా మీకు అందుకోవడం చేతకాదు అన్న ధోరణిలో జవాబు వచ్చిందని ఆయన తర్వాత ఎన్నోసార్లు చెప్పారు. ఆ మాట ఆయన్ను నిలవనీయలేదు. 1993లో తల్లి శాంతమ్మ పేరు మీద హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ మొదలైంది. బయోటెక్నాలజీ అంటే ఏమిటో తెలియని బ్యాంకులు అప్పివ్వడానికి ముందుకు రాలేదు. ఆదుకున్నది అప్పటి ఒమన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలవీ. సొంత ల్యాబ్ లేదు. ఉస్మానియా యూనివర్సిటీలో కొన్నాళ్లు, సీసీఎంబీ అనే పరిశోధన సంస్థలో కొన్నాళ్లు పరిశోధన సాగింది.

అక్కడ వాళ్లు చేసిన పని దగ్గరగా చూడదగింది. వైరస్ పైపొర ప్రోటీన్ తయారీకి కావలసిన జన్యువును పికియా పాస్టోరిస్ అనే ఈస్టులోకి ఎక్కించారు. ఇలాంటి ఈస్టును ఫెర్మెంటర్‌లో మొదట గ్లిసరాల్ మీద పెంచుతారు. కణాలు బాగా పెరిగి గ్లిసరాల్ అయిపోయాక మిథనాల్ అందిస్తారు. అంతే, నిద్రపోతున్న జన్యువు మేలుకుంటుంది. కణాల నిండా వైరస్ ప్రోటీన్ పేరుకుంటుంది. వైరస్ మాత్రం ఉండదు, ఎక్కించిన ఆ ఒక్క జన్యువు తప్ప దాని మిగతా డీఎన్ఏ కూడా ఉండదు. కణాలను పగలగొట్టి, ఈస్టు తాలూకు వందలాది ప్రోటీన్లలోంచి ఆ ఒక్కదాన్నే ఏరి శుద్ధి చేయాలి. నన్నడిగితే అసలు కష్టమంతా ఈ ఏరడంలోనే ఉంది.

ఈ పికియాకు ఇంకో గుణముంది. మిథనాల్ తీసేసి గ్లూకోజ్ ఇస్తే, అప్పటిదాకా మిథనాల్‌ను అరిగించిన పెరాక్సిజోములనే చిన్న సంచులు ఇక అక్కర్లేదని వాటిని తానే తినేస్తుంది. కణం తన భాగాలను తానే అరిగించుకునే ఈ పనే ఆటోఫాజీ. దాని జన్యువులను ఇంకో ఈస్టులో, మన బ్రెడ్డు పొంగించే ఈస్టులో, పట్టుకున్నందుకే జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఒసుమికి 2016లో నోబెల్ వచ్చింది. మనిషి కణాల్లో ఆ పని చేసే ఎల్‌సీ3 వంటి ప్రోటీన్లను నేడు బ్యాక్టీరియాలో పండించి, మైక్రోగ్రాముల లెక్కన పరిశోధనశాలలకు అమ్ముతున్నారు. ప్రోటీన్ వేరైనా విద్య టీకా తయారీలోదే. జన్యువును సూక్ష్మజీవి చేతికిచ్చి, ప్రోటీన్ పుచ్చుకోవడం.

1997 ఆగస్టు. శాంతా వారి హెపటైటిస్-బి టీకా, శాన్‌వాక్-బి, మార్కెట్లోకి వచ్చింది. భారతదేశంలో తయారైన తొలి రీకాంబినెంట్ (జన్యు మార్పిడి) టీకా. డోసు ధర యాభై రూపాయలు! దిగుమతి కంపెనీలకు కూడా ధర దించక తప్పలేదు. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం దక్కింది, యునిసెఫ్ ద్వారా ఈ టీకా ఎన్నో దేశాల పిల్లలకు చేరింది. 2005లో వరప్రసాద్ రెడ్డికి పద్మభూషణ్. 2009లో కంపెనీ ఫ్రాన్స్‌కు చెందిన సనోఫీ చేతికి వెళ్లింది. అది నాకు ఇప్పటికీ మింగుడుపడని సంగతే. కానీ దిగిన ధర మళ్లీ పాత ఎత్తుకు ఎక్కలేదు. 2011 నాటికి హెపటైటిస్-బి టీకాను ప్రభుత్వం దేశమంతటా ఉచిత టీకాల్లో చేర్చగలిగిందంటే ఆ ధరే పెద్ద కారణమని నా నమ్మకం.

ఇది చదువుతున్న అమ్మలకు, నానమ్మలకు, అమ్మమ్మలకు ఒక మనవి. కాన్పు కోటగిరిలో అయినా, బోధన్‌లో అయినా, నిజామాబాద్ ప్రైవేటు నర్సింగ్‌హోంలో అయినా, పుట్టిన 24 గంటల్లోపు బిడ్డకు హెపటైటిస్-బి తొలి డోసు పడిందా అని నర్సమ్మను అడగండి. కార్డు మీద రాయించుకోండి. తర్వాత 6, 10, 14 వారాలకు వేసే పెంటావాలెంట్ (ఐదు రోగాల) టీకాలోనూ ఇది ఉంటుంది. సర్కారు దవాఖానాలో పైసా ఖర్చు లేదు.